స్తంభం మారితే.. పట్టూ మారాలి!

లైన్‌మెన్‌ కొలువుకు ఇంటి దగ్గర సాధన చేస్తున్నారా? మందం సంగతి ముందు చూసుకోండి

ఐటీఐ ఎలక్ట్రికల్‌ అయిపోయింది. మార్కులూ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది కరెంటు స్తంభం ఎక్కి చూపించడమే. తీరా పరీక్ష రోజున మైదానానికి వెళ్తే అక్కడున్న స్తంభం మనం రోజూ ఎక్కిన దానికంటే లావు! చేయి చుట్టూ తిరగదు, కాలు నిలవదు. చేతిదాకా వచ్చిన ఉద్యోగం అలా జారిపోకూడదంటే, రకరకాల మందాలకు చేతుల్ని ముందే అలవాటు చేయాలి.

ఎందుకింత ముఖ్యం?

మన రాష్ట్రంలో 2019లో సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్‌ (జూనియర్‌ లైన్‌మెన్‌ గ్రేడ్‌-2) పోస్టులకు స్తంభం ఎక్కడం, సైకిల్‌ తొక్కడం, మీటర్‌ రీడింగ్‌ తీయడం పరీక్షించారు. తెలంగాణలో అదే ఏడాది జూనియర్‌ లైన్‌మెన్‌ పోస్టులకు మహిళలను అనుమతించకపోతే కొందరు హైకోర్టుకు వెళ్లి అవకాశం తెచ్చుకున్నారు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2020 డిసెంబరులో 8 మీటర్ల స్తంభం ఎక్కి నెగ్గారు. మరుసటి ఏడాది ఉద్యోగంలో చేరారు. కాబట్టి ‘ఇది మగపిల్లల పని’ అని అమ్మాయిలు వెనక్కి తగ్గనక్కర్లేదు.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఇప్పుడు ఎన్టీఆర్‌ జిల్లాలో, ఏపీసీపీడీసీఎల్‌ పరిధిలో ఉంది. డిస్కం కొలువులే కాదు.. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు, ఇబ్రహీంపట్నం థర్మల్‌ కేంద్రం దగ్గర్లోనే ఉన్నాయి. ఎత్తులో భయం లేకుండా పనిచేయగల ఎలక్ట్రీషియన్‌కు అలాంటి చోట్లా విలువ ఉంటుంది.

ముందు కొలవండి

టేపు తీసుకుని స్తంభం చుట్టుకొలత చూడండి. గుండ్రటి పైపైతే దాన్ని 3.14తో భాగిస్తే మందం వస్తుంది. దుకాణంలో చెప్పే సైజును నమ్ముకోవద్దు. ‘ఒకటిన్నర అంగుళం’ జీఐ పైపు బయటి మందం సుమారు 48 మిల్లీమీటర్లు, ‘రెండంగుళాల’ పైపుది 60 మి.మీ. ఉంటుంది.

ఈ కాస్త తేడాకేనా అనిపించొచ్చు. పోల్‌ డ్యాన్స్‌ ఇంట్లో నేర్చుకునేవారిని అడగండి, చెబుతారు. వాళ్లు ఎక్కువగా వాడే స్తంభాలు 45, 50 మి.మీ.వి. మందంలో తేడా అయిదే, చుట్టుకొలతలో మాత్రం దాదాపు 16 మి.మీ. చిన్న చేతులవారికి బొటనవేలు మిగతా వేళ్లను అందుకుంటుందా లేదా అన్నది ఆ కాస్తలోనే తేలిపోతుంది.

సిమెంటు స్తంభంతో ఇంకో చిక్కుంది. అది అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. అంటే ఒకే స్తంభం మీద పట్టు మారుస్తూ పోవాలి. కింద చేతుల్లో బలం ఉన్నా పట్టు దొరకదు. పైన పట్టు దొరికినా ముంజేతులు అప్పటికే అలసిపోయి ఉంటాయి.

సన్నదానికి ఒక తీరు.. లావుదానికి ఒక తీరు

సన్నటి పైపు: వేళ్లు చుట్టూ తిరుగుతాయి కాబట్టి బరువంతా వాటి మీదే వేయాలనిపిస్తుంది. అలా చేస్తే త్వరగా అలసిపోతారు. పాదాల మధ్య పైపును ఇరికించి, కాళ్లతో తోస్తూ పైకి లేవండి. చేతులు శరీరాన్ని నిలబెట్టడానికే.

లావు స్తంభం: వేళ్లు చుట్టుకోవు. రెండు అరచేతులతో ఇరువైపులా నొక్కిపట్టాలి. పలకల స్తంభమైతే వెనక అంచులు వేళ్లకు దొరుకుతాయి. చేతులు చాపి కాస్త వెనక్కి వాలి, అరికాళ్లను ముందు ముఖానికి అదిమిపెట్టండి. ఎంత గట్టిగా అదిమితే అంత జారదు. మల్లఖంబం ఆటలోనూ అంతే. ఆ కొయ్య కింద లావు, పైన సన్నం. పైగా ఆముదం రాస్తారు. అక్కడ ఆదుకునేది తొడలు, పాదాల పట్టే.

ఇంటి దగ్గర ఇలా..

మొదటి రెండు వారాలు: అడ్డంగా గట్టిగా బిగించిన పైపుకు వేలాడండి. 15 సెకన్లతో మొదలుపెట్టి 40 దాకా పెంచండి. ఒకరోజు ఉత్త పైపు, ఒకరోజు దానికి పాత తువ్వాలు గట్టిగా చుట్టి. ఖర్చు లేకుండానే రెండు మందాలు!

మూడు, నాలుగు వారాలు: నిలువు స్తంభం మీద తలెత్తు దాటకుండా ఎక్కడం, దిగడం. జర్రున జారొద్దు, గరుకు సిమెంటుకు చర్మం లేచిపోతుంది. ఒక్కో అడుగే దిగండి.

అయిదో వారం నుంచి: సేఫ్టీ బెల్టు వేసుకుని, కింద అనుభవజ్ఞుడైన లైన్‌మెన్‌ బాబాయో, ఐటీఐ మాస్టారో ఉన్నప్పుడే పూర్తి ఎత్తు. రోజు విడిచి రోజు చేస్తే చాలు. మోచేయి లోపలివైపు నొప్పి వస్తే వారం ఆపండి.

చెమట పడితే ఏ మందమైనా జారుతుంది. చాక్‌ పొడి పరీక్షలో అనుమతించకపోవచ్చు, అందుకే పొడి లేకుండానూ ఎక్కడం అలవాటు చేసుకోండి.

ఇవి మాత్రం మరవొద్దు

తీగలున్న స్తంభం జోలికి అస్సలు వెళ్లొద్దు. ‘ఇప్పుడు కరెంటు లేదులే’ అన్న మాట నమ్మొద్దు. ఏ క్షణమైనా సరఫరా రావచ్చు, పక్కింటి ఇన్వర్టర్‌ నుంచి వెనక్కీ రావచ్చు. ఉద్యోగం మళ్లీ నోటిఫికేషన్‌కు దొరుకుతుంది, ప్రాణం దొరకదు.

పెరట్లో స్తంభం పాతుకుంటే పొడవులో కనీసం ఆరో వంతు భూమిలో ఉండాలి. మన మెట్టలో చాలాచోట్ల నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మట్టితో పూడిస్తే వదులైపోతుంది కాబట్టి కాంక్రీటు పోయండి. ఎక్కేముందు ప్రతిసారీ ఊపి చూడండి. కింద చుట్టూ ఇసుక పోయండి.

ఈ కష్టం ఒక్క పరీక్షతో అయిపోదు. ఆర్మీ అగ్నివీర్‌ జీడీ దేహదారుఢ్య పరీక్షలో 10 పుల్‌అప్స్‌కు 40 మార్కులుంటాయి. అక్కడి బీమ్‌ మీ ఇంటి పైపంతే ఉంటుందన్న హామీ ఏమీ లేదు. నోటిఫికేషన్‌ వచ్చాక కాదు, ఈ వారమే టేపు పట్టుకుని మొదలుపెట్టండి. వేలికి ఏ మందం తగిలినా తడబడని చేయి ఒక్కరోజులో తయారవ్వదు.