మీకు తెలుసా? మంచుకీ పదును ఉంటుంది

మే నెల మిట్టమధ్యాహ్నం ఖమ్మం జిల్లా బోనకల్ స్టేషన్‌లో నిలబడి స్కీయింగ్ గురించి, అంటే కాళ్ళకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట గురించి మాట్లాడితే, పక్కనున్నవాళ్ళు ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ తెచ్చిస్తారు. ఫరవాలేదు, మజ్జిగ తాగుతూనే చెప్పుకుందాం.

● బోనకల్ మీద ఏటా వానాకాలంలో మంచు కురుస్తుందని మీకు తెలుసా? ఎగతాళి కాదు. మన నెత్తికి సుమారు 5 కిలోమీటర్ల పైన, ఏ కాలంలోనైనా ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిపోతుంది. ముసురు పట్టిన రోజున ఆ సున్నా గీతకు పైనున్న మేఘంలో తయారయ్యేవి చాలావరకు మంచు పలుకులే. అవి మెల్లగా దిగుతూ, గీత దాటగానే కరిగి, సాగర్ కాలువ బోనకల్ బ్రాంచి కింది పొలాల్లో వానగా పడతాయి. ఈ కరుగుడు డాప్లర్ రాడార్‌కు కనిపిస్తుంది కూడా. కరుగుతున్న పలుకు సైజులో ఇంకా పెద్దగానే ఉంటుంది, పైన నీటి పొర కమ్ముకుంటుంది. రాడార్ దాన్ని పేద్ద చినుకు అనుకుని మోసపోయి, మేఘం మధ్యలో ఒక మెరిసే పట్టీ చూపిస్తుంది. వాతావరణ శాఖవాళ్ళు దాన్ని బ్రైట్ బ్యాండ్ అంటారు. అంటే కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో కురిసేదీ మన దగ్గర మొదలయ్యేదీ ఒకటే సరుకు. దారిలో కరగకుండా నేలకు చేరడమే అక్కడివాళ్ళ అదృష్టం.

● వడగళ్ళు మాత్రం ఈ లెక్కలోకి రావు. మంచు పలుకు నీటి ఆవిరి నుంచి నెమ్మదిగా, ఆరు కోణాలతో పెరుగుతుంది. వడగల్లు అలా కాదు. ఉరుముల మేఘంలో గాలి పైకెగదన్నుతుంటే, గడ్డకట్టీ కట్టని నీటిబొట్లను పొరలు పొరలుగా ఒంటికి పూసుకుంటూ బరువెక్కుతుంది. బరువెక్కాక దాన్ని గాలి ఆపలేదు, కరిగే వ్యవధి కూడా లేకుండా వచ్చి పడుతుంది. కల్లంలో మిర్చి ఆరబోసుకున్న రైతుకు ఆకాశం నుంచి వచ్చే మంచు అంటే ఇదొక్కటే, దాని మీద ఎవరికీ మోజు లేదు.

● ‘మంచు పడుతోంది’ అని మనం అంటే ఏమిటి అర్థం? డిసెంబరు తెల్లవారుజామున గడ్డి మీద బొట్లు కడితే మంచే. లారీ డ్రైవర్‌కు దారి కనిపించకపోతే మంచే. సోడా బండి మీద గోనెసంచి కింద ఉండేది మంచుగడ్డ. కాశ్మీర్‌లో కురిసేదీ మంచే. ఇంత పొదుపైన భాష మరొకటి ఉంటుందా! సంస్కృతం చేయి కాస్త పెద్దది. అమరకోశం అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఏడు పేర్లు ఒకే వరసలో పెట్టింది.

ఈ పొదుపు వల్లే లంబసింగి గురించి ఏటా ఒక గందరగోళం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరికి ‘ఆంధ్రా కాశ్మీర్’ అని పేరు. అక్కడ దట్టమైన పొగమంచు ఉంటుంది, మరీ చల్లని రాత్రుల్లో గడ్డి మీద బొట్లు గడ్డకడతాయి. హిమపాతం మాత్రం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. స్కీలు భుజాన వేసుకుని చింతపల్లి బస్సెక్కితే కాఫీ గింజలు కొనుక్కుని తిరిగి రావాల్సిందే. అదీ చెడ్డ బేరమేం కాదనుకోండి.

● స్కీయింగ్ చేసేవాడు మంచును ఎలా చూస్తాడో బోనకల్ రైతుకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పదును. నల్లరేగడిలో వాన వెలిసిన వెంటనే అరక కట్టగలమా? చెక్కలకు అంటుకుపోతుంది. పది రోజులు ఆగితే నెర్రెలు. ఆ మధ్యలో రెండు మూడు రోజులే దుక్కికి పదును. మంచు వాలు మీద కూడా అచ్చం ఇదే. గాలి చల్లగా, పొడిగా ఉన్నప్పుడు కురిసిన మంచు పిండిలా తేలిగ్గా ఉంటుంది, దాన్ని పౌడర్ అంటారు. మోకాలి లోతున దిగబడినా స్కీలు తేలిపోతుంటాయి. సున్నా దగ్గర కురిస్తే తడి మంచు, బురదలో నాగలి లాగినట్టే. ఎండకు కరిగి రాత్రికి గడ్డకడితే పైన పెంకు కడుతుంది, దాని మీద కాలు నిలవదు. వసంతంలో ఈ కరుగుడూ గడ్డకట్టుడూ రోజూ జరిగి జరిగి పలుకులు గుండ్రటి గింజలవుతాయి. ఉదయం పూట ఎండ తగిలి పై అంగుళం మెత్తబడిన ఆ రెండు మూడు గంటలు గింజ మంచుకు పదును. మధ్యాహ్నానికి అంతా జావ.

కాబట్టి ‘అక్కడ ఎన్ని అడుగులు మంచుంది?’ అని అడిగేవాడు కొత్తవాడు. ఎప్పుడు కురిసింది, ఆ తరవాత ఎండ కాసిందా, గాలి వీచిందా, వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది అని అడిగేవాడు ఆరితేరినవాడు. ఉత్తరం ముఖంగా ఉన్న వాలు మీద శీతాకాలపు ఎండ నేరుగా పడదు, మంచు చాలా రోజులు పిండిగానే నిలుస్తుంది. అదే కొండకు దక్షిణం వైపు వారం తిరక్కుండా పెంకు.

● మంచు పదును తెలియక తెలుగు సాహిత్యంలో ఒకాయన ఇరుక్కుపోయాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు. సిద్ధుడు ఇచ్చిన పాదలేపం పూసుకుని హిమాలయానికి చేరాడు. అక్కడి మంచు నీటికి లేపం కాస్తా కరిగిపోయింది. తిరిగి వచ్చే దారి లేదు, ఎదురుగా వరూధిని. తరవాతి కథ మీకు తెలిసిందే.

స్కీయింగ్‌లో ఈ పాదలేపం ఇవాళ్టికీ ఉంది! స్కీల అడుగున పూసే మైనం అది. స్కీ జారేది ఉత్త మంచు మీద కాదు, రాపిడి వేడికి అడుగున పుట్టే పలచటి నీటి పొర మీద. మంచు మరీ చల్లగా, మైనస్ 20 దగ్గర ఉంటే ఆ పొర సరిగా పుట్టదు. ఇసుక మీద లాగినట్టుంటుంది. మరీ వెచ్చగా ఉంటే నీరెక్కువై స్కీని పట్టుకుంటుంది. అందుకే మంచు ఉష్ణోగ్రతను బట్టి మైనం మారుస్తారు. మామూలుగా బాగా చలికి ఆకుపచ్చ, మామూలు చలికి నీలం, తడి మంచుకు ఎరుపు రంగు డబ్బాలు. వీటన్నిటికన్నా బాగా జారే ఫ్లోరిన్ మైనాలను అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి పోటీల్లో నిషేధించింది, అవి నీటిలో, నేలలో ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉండిపోతాయని. సిద్ధుడి లేపం ఏ రంగుదో పెద్దన చెప్పలేదు గానీ, మధ్యాహ్నపు తడి మంచుకు పనికొచ్చేది మాత్రం కాదు.

● ఇక మన దేశంలో స్కీయింగ్ చేసే చోట్ల సంగతి. గుల్మార్గ్‌లో ఇద్దరు బ్రిటిష్ సైనికాధికారులు 1927లోనే స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. ఊరు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. గొండోలా (అంటే తీగ మీద నడిచే గది) మొదటి దశ 1998లో కాంగ్‌డూరీ దాకా, రెండో దశ 2005లో అఫర్వత్ కొండ మీద దాదాపు 3,980 మీటర్ల దాకా వచ్చింది. ఆ ఎత్తు తేడాయే గుల్మార్గ్ బలం. కింద మంచు తడిసిపోయినా పైన పిండిగా ఉండొచ్చు. పై వాలుల్లో చాలా భాగం యంత్రంతో చదును చేసినవి కావు, అందుకే దేశదేశాల పౌడర్ పిచ్చోళ్ళు అక్కడికి చేరతారు. ప్రమాదమూ అక్కడే. పాత పెంకు మీద కొత్త మంచు రెండడుగులు పడితే, రెంటికీ అతుకు లేక మొత్తం పలకలా విడిపోతుంది. కల్లంలో పట్టా మీద పోసిన వడ్లు పట్టా ఎత్తగానే జారినట్టు. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పక్కన ఖిలన్‌మార్గ్‌లో మంచు చరియలు విరిగిపడి శిక్షణలో ఉన్న సైనికులు చనిపోయారు.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ నెమ్మదైన చోటు. ఎండాకాలంలో గొర్రెలు మేసే గడ్డి మైదానమే శీతాకాలంలో స్కీ వాలు. సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఉంటుంది, ఎదురుగా నందాదేవి శిఖరం. అడుగున బండరాళ్ళు కాక గడ్డి ఉంటుంది గనక తక్కువ మంచుతోనే పని నడుస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు గుల్మార్గ్ కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. ఎత్తు తక్కువ కాబట్టి మంచుకు పూచీ మాత్రం లేదు. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఇక్కడ కృత్రిమ మంచు యంత్రాలు పెట్టారు, వాటికి నీళ్ళివ్వడానికి కొండ మీద చెరువు తవ్వారు. వరికి చెరువు చూశాం, మంచుకు చెరువు వింత కదూ! 2023 జనవరిలో కింద జోషిమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలు వారడంతో అక్కడి నుంచి ఔలీకి పోయే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆగిపోయింది.

మనాలీ దగ్గర సోలాంగ్‌లో మంచు తడిది, జనం ఎక్కువ, ఫొటోలు ఇంకా ఎక్కువ. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక దాని అవతలి లాహుల్ లోయ అందుబాటులోకి వచ్చింది. అక్కడి మంచు పొడిగా ఉంటుంది. మనాలీ దాకా వెళ్ళినవాళ్ళు ఆ సొరంగం దాటకుండా వెనక్కి రావడం దండగ.

● మనకు వానలు బంగాళాఖాతం తెస్తే, గుల్మార్గ్‌కు మంచు తెచ్చేది మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలుల్లో కొట్టుకొచ్చే అల్పపీడనాలు. పంజాబ్ గోధుమకు శీతాకాలపు తడి ఇచ్చేవీ ఇవే. అవి మొహం చాటేస్తే అంతా ఆగుతుంది. 2024 జనవరిలో గుల్మార్గ్ నేల గోధుమరంగులో కనిపించింది. మంచు నెలాఖరుకు గానీ రాలేదు. 2025 ఫిబ్రవరిలో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడల గుల్మార్గ్ పోటీలు వాయిదా పడి మార్చిలో జరిగాయి. జూన్‌లో నైరుతి కోసం మొయిలు కేసి చూసే కళ్ళు ఎలా ఉంటాయో, జనవరిలో గుల్మార్గ్ కింది తంగ్‌మార్గ్ గుర్రాలవాళ్ళ కళ్ళూ అలాగే ఉంటాయి.

● కృత్రిమ మంచు తయారీ రహస్యం మీ ఇంట్లో కిటికీ దగ్గరే ఉంది. కూలర్! ఏప్రిల్‌లో పొడి గాలికి కూలర్ హాయిగా చల్లబరుస్తుంది, జులై ఉక్కలో ఎంత తిరిగినా చెమటే. మంచు ఫిరంగి కూడా నీటిని తుంపరగా చిమ్మి, అందులో కొంత ఆవిరైతే మిగతాది చల్లబడి గడ్డకట్టాలని చూస్తుంది. అందుకే గాలి బాగా పొడిగా ఉంటే సున్నాకు కాస్త పైన కూడా మంచు తయారవుతుంది, తేమగా ఉంటే మైనస్ ఒకటి దగ్గర కూడా కాదు. ఈ యంత్రాన్ని 1950లో అమెరికాలోని కనెటికట్‌లో స్కీలు తయారుచేసే ముగ్గురు కనిపెట్టారు. ఆ ఏడు మంచు పడక వాళ్ళ వ్యాపారం మూలపడింది. చేతికందిన సామాను ఏమిటంటే రంగులు కొట్టే కంప్రెసర్, తోటకు నీళ్ళు పెట్టే పైపు.

ఇందులో ఇంకో మెలిక. నీటిబొట్టు సున్నా దగ్గరే గడ్డకట్టాలంటే దానికి ఒక విత్తు కావాలి. ఆ విత్తుగా చాలా చోట్ల వాడేది సూడోమొనాస్ సిరింజే అనే బాక్టీరియా నుంచి తీసిన ప్రొటీన్. ఈ బాక్టీరియా పైర్ల ఆకుల మీద బతుకుతూ, చలి దేశాల్లో పంటను త్వరగా గడ్డకట్టించి పాడుచేసే తెగులు. పొలంలో దొంగ, కొండ మీద దొర. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ దాదాపు మొత్తం ఫిరంగి మంచు మీదే జరిగాయి. ఆ ఒలింపిక్స్‌లో భారత్ నుంచి పోటీపడిన ఒకే ఒక్కడు ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ వాలుల మీద ఎదిగినవాడు. జెయింట్ స్లాలమ్ అనే మలుపుల పోటీలో 45వ స్థానం.

● మనవాళ్ళు స్కీలు కట్టేది కాశ్మీర్‌లోనే కాదు, కాలిఫోర్నియాలో కూడా. సిలికాన్ వ్యాలీ నుంచి శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రికి టాహో సరస్సు. టైర్లకు గొలుసులు కట్టే చోట చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే వినిపించే తెలుగు అచ్చమైన తెలుగు. టాహో ఉన్న సియెర్రా పర్వతాల మంచు సముద్రపు తేమతో బరువుగా ఉంటుంది, నూటికి సుమారు 12 పాళ్ళు నీరు. అక్కడివాళ్ళు దాన్ని ‘సియెర్రా సిమెంటు’ అని తిట్టుకుంటారు. ఇంకా లోపలికి, ఎడారి దాటి యూటా చేరితే ఆల్టా దగ్గర అది ఎనిమిదిన్నర లోపే. కానీ మొత్తం లెక్కలో సియెర్రా తక్కువది కాదు. 2022-23 శీతాకాలంలో డానర్ కనుమ దగ్గరి బర్క్లీ విశ్వవిద్యాలయ మంచు ప్రయోగశాలలో 754 అంగుళాలు పడింది. ఖమ్మంలో ఆరంతస్తుల మేడ మునిగే ఎత్తు, సిమెంటయినా సరే.

● హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర స్నో వరల్డ్ 2004లో తెరిచారు. దుబాయ్‌లోని ఒక మాల్‌లో స్కీ వాలు 2005లో వచ్చింది, పొడవైన జారు 400 మీటర్లు. రెంటిలోనూ మంచు పదును ఏడాదంతా ఒక్కటే. అదే విసుగు.

● చర్ల మండలం తెలుసుగా, భద్రాచలం దాటాక అడవి అంచున? అక్కడి కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూలో మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. వీళ్ళిద్దరూ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. మండే ఎండలకు పేరుపడ్డ చోటు నుంచి ఒకడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన మంచు మీద నిలబడి వచ్చాడు. గుల్మార్గ్ వాళ్ళు ఈ మాట వింటే ఏమంటారో!

● 2025 జూన్ 6న చీనాబ్ నది మీద, నది అడుగు నుంచి 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన తెరిచాక కాశ్మీర్ లోయ పట్టాలు దేశం పట్టాలతో కలిశాయి. అంటే చింతకాని, నాగులవంచ, బోనకల్, మోటమర్రి మీదుగా పోయే ఆ రెండు ఇనుప గీతలు ఇప్పుడు ఎక్కడా తెగకుండా శ్రీనగర్ దాటి బారాముల్లా దాకా పోతాయి. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్లు. దారిలో బండి మారాలి. చలికోటు మాత్రం సూట్‌కేసు అడుగున పెట్టకండి, ఢిల్లీ దాటగానే కావాల్సొస్తుంది.