పత్రి - ఔషధము: పూజకు తగినదెల్ల సేవనకు తగునా?



వినాయక చవితి నాడు మనము స్వామిని ఏకవింశతి పత్రములతో అర్చించుచున్నాము. మాచీపత్రము మొదలుకొని అర్కపత్రము వరకు ఇరువదియొక్క నామములు చదువుచు, ఒక్కొక్క ఆకును స్వామి పాదముల చెంత ఉంచుచున్నాము. ఈ పత్రి అంతయు ఔషధమనియు, పెద్దలు పూజ పేరిట వైద్యమును ఇంటింటికి చేర్చినారనియు ప్రవచన వేదికల మీద మేము పలుమార్లు చెప్పియున్నాము. అందులో సత్యము లేకపోలేదు. కాని ఆ మాటను సగము చెప్పి విడుచుట ఎంతటి ప్రమాదమో ఒక చవితి మరునాడు మాకు తెలియవచ్చినది.

ప్రవచనము ముగిసి జనము వెడలిపోవుచుండగా ఒక పెద్దమ్మగారు చిన్న మూటతో మా యొద్దకు వచ్చినారు. "అయ్యా, పత్రి అంతా మందేనని తమరు నిన్న చెప్పినారు గదా. మా మనవడికి నాలుగు రోజులుగా దగ్గు. పూజ చేసిన పత్రి కడిగి, కాచి, ఆ కషాయం పిల్లవాడికి పట్టమంటారా?" అని అడిగినారు. మూట విప్పి చూచితిమి. తులసి ఉన్నది, మరువము ఉన్నది, వావిలి ఉన్నది. వాని నడుమ ఉమ్మెత్త ఆకులు రెండు, గన్నేరు రెమ్మ ఒకటి, జిల్లేడు ఆకు ఒకటి ఉన్నవి. మాకు నోట మాట రాలేదు. "వద్దమ్మా, ఇది స్వామికే గాని పిల్లవాడికి కాదు" అని చెప్పి ఆ మూటను మా యొద్దనే ఉంచుకొంటిమి. తప్పు ఆమెది కాదు, మాది. నాడు చెప్పక విడిచిన సగమును ఇచట చెప్పుచున్నాము.

పూజలో దత్తూర, కరవీర, అర్క పత్రములని మనము పిలుచునవి ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. ఆయుర్వేదము ఈ మూడింటిని ఉపవిషములలో చేర్చినది. వైద్యులు వీనిని వాడరని కాదు. శోధన చేయక వాడరు. ఉమ్మెత్త గింజలను మూటగట్టి, పాలలో వ్రేలాడదీసి, గడియల తరబడి ఉడికించి, ఆ మీదట కొలత చూచి మందులో కలుపుదురు. మన దేశములోని 1940 నాటి ఔషధ చట్టము క్రింద చేసిన నియమములును ఈ మూడింటిని విషద్రవ్యముల పట్టికలో ఉంచినవి. శాస్త్రము ఒక ప్రక్క, చట్టము ఒక ప్రక్క హెచ్చరించుచున్న ఆకును మనము వంటింటి గిన్నెలో కాచుట ఎట్లు?

ఉమ్మెత్తలో ఆట్రోపిన్, స్కోపలమిన్ అను పదార్థములున్నవి. నోరు ఎండిపోవును, కనుపాపలు పెద్దవై చూపు మసకబారును, గుండె వేగము హెచ్చును, మనిషి మతి తప్పి లేనివానిని చూచి మాటలాడును. గింజ గింజకు విషము పాళ్ళు మారుచుండును గనుక, ఇంత తిన్న ఫరవాలేదను లెక్క ఎవరికిని సాధ్యము కాదు. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు, ఉమ్మెత్త గింజల రసము కరోనాను రానీయదని ఫోనులో వచ్చిన ఒక వీడియోను నమ్మి త్రాగి, ఆస్పత్రి పాలైనారు. వారు దుష్టులు కారు, మూఢులును కారు, భయపడినవారు. భయములో ఉన్నవానికి చేతికందిన ఆకు సంజీవనిగా కనిపించును.

గన్నేరు మాట ఇంకను కఠినము. ఆకు, పువ్వు, కాయ, వేరు, పాలు - అన్నియు విషమే. అది గుండె కొట్టుకొను లయను చెరచును. ఎండబెట్టినను, కాచినను ఆ గుణము పోదు. కేరళలో 2024లో ఒక యువతి గన్నేరు ఆకు, పువ్వు నమలుట వలన మరణించినదన్న అనుమానము కలిగినప్పుడు, ఆ ఏడాది మే నెలలో తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యములోను, ప్రసాదములోను గన్నేరు పూలు వాడరాదని నిర్ణయించినది. పూజకు మాత్రము నిషేధింపలేదు. ఈ విభజన మాకు ఎంతయు నచ్చినది. హాలాహలమును పరమేశ్వరుడు కంఠమున నిలిపెనే గాని మ్రింగలేదు గదా!

జిల్లేడును రథసప్తమి నాడు శిరస్సున ఉంచుకొని స్నానము చేయుదుము. అందు దోషము లేదు. అయితే ఆకు త్రుంచగా కారు పాలు కంటిలో పడరాదు. పడిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చును. కొన్ని గంటలకు చూపు మసకబారును. పడిన క్షణమే ధారగా నీటితో కడిగి కంటి వైద్యుని చూడవలెను.

మరి ఇంట వాడదగినవి లేవా? ఉన్నవి. పెద్దవారికి జలుబు చేసినప్పుడు నాలుగు తులసి ఆకులు, అల్లము, మిరియము వేసి కాచిన నీరు హాయినిచ్చును. వావిలాకు కాచిన నీటితో బాలింతలకు స్నానము చేయించుట మన ఇండ్లలో నేటికిని కలదు. మారేడు విషయమున పూజకు ఆకు, అతిసారమునకు సగము పండిన కాయలోని గుజ్జు. ఇక గండకీ పత్రమేదని అడిగిన నలుగురు పండితులు నాలుగు మొక్కలను చూపుదురు. విష్ణుక్రాంత పేరు ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క మొక్కకు ఉన్నది. పేరు విని కాక, మొక్కను ఎరిగి వాడవలెను. అంగడి పత్రి రోడ్డు ప్రక్కల, పురుగుమందు చల్లిన చేలగట్ల కోసినదై యుండవచ్చును. అది కషాయమునకు పనికిరాదు.

ఏడాది నిండని శిశువునకు తులసి రసమున తేనె కలిపి నాకించుట మన ఇండ్లలో పరిపాటి. దీనిని మానవలెను. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసివాని ప్రేగులలో పెరిగి కండరములను చచ్చుబరచు విషమును పుట్టించును. అట్లే విరేచనములగు పిల్లవానికి మారేడు కన్న ముందు నీరు ముఖ్యము. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టవలెను. పిల్లవాడు దగ్గుచు డొక్కలెగురవేయుచున్నను, పాలు త్రాగకున్నను, మూడు దినములు దాటినను జ్వరము తగ్గకున్నను కషాయముతో కాలము గడపరాదు. గర్భిణులు, రక్తపోటు, మధుమేహములకు మందులు వాడువారు ఏ ఆకు రసమైనను తమ వైద్యునికి చెప్పిన పిదపనే పుచ్చుకొనవలెను.

పొరపాటున ఉమ్మెత్తగాని గన్నేరుగాని ఎవరైన తినినచో, ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపకుడు. 108కి ఫోను చేసి, తిన్న మొక్క రెమ్మను వెంట గొని ఆస్పత్రికి చేరవలెను. ఆ రెమ్మను చూచిన వైద్యునికి ఎంతో కాలము కలిసివచ్చును.

పెద్దమ్మగారి మనవనికి నాడు మా మాట మీద వైద్యుని చూపించినారు. మందుతో వారములో దగ్గు తగ్గినది. మరు సంవత్సరము చవితికి ఆమె ఆ మూడు ఆకులను వేరుగా కట్టి తెచ్చినారు. తాము కూడ అట్లే చేయుడు. ఉద్వాసన చెప్పిన పిమ్మట ఆ కట్టను పశువులు మేయు చోట వేయకుడు. గన్నేరు ఆకు ఆవునకును ప్రాణాంతకమే.