బంతిపువ్వులో కొసైన్

విశాఖపట్నం నుంచి విజయనగరం వైపు పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే ఆనందపురంలో పూల మార్కెట్ కనిపిస్తుంది. బంతి, చామంతి, మల్లె, గులాబీ, కనకాంబరం. చేతిలో ఫోన్ ఉన్నవాళ్ళకు ఆ రంగులు చూశాక ఫొటో తీయకుండా ఉండబుద్ధి కాదు. తీసిన ఫొటోను అలాగే వదిలేవాళ్ళూ తక్కువే. ఒకరు యాప్‌లో రంగు చిక్కబరుస్తారు. ఇంకొకరు వెనకాల నిలబడ్డ లారీని చెరిపేస్తారు. మరొకరు పువ్వు మేరకు కత్తిరించి స్టిక్కర్ చేసి, పండగనాడు చుట్టాల గ్రూపులో పెడతారు.

ఈ ఆటలన్నిటి అడుగున ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. ఫోన్‌లో ఫొటో దాచినప్పుడు, తెరిచినప్పుడు, పంపినప్పుడు చాలావరకు పనిచేసేది ఇదే. ఫొటో యాప్‌లతో సరదాపడే ప్రతివారూ తెలుసుకోదగ్గ జీవితం దానిది. తెలుసుకుంటే ఆ సరదా రెట్టింపవుతుందని నా నమ్మకం.

అంకెల పొలం

ఫోన్ కెమెరా లోపల సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. దాని మీద లక్షల కొద్దీ గడులు. ఒక్కో గడి తన మీద ఎంత వెలుతురు పడిందో మాత్రమే కొలవగలదు, రంగు దానికి తెలియదు. అందుకే ప్రతి గడి మీదా ఒక రంగు తెర అమర్చుతారు. ఈ అమరికను కోడక్ సంస్థ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ కనిపెట్టారు, పేటెంట్ 1976లో వచ్చింది. ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. వెలుగునీడల సూక్ష్మభేదాలను మన కన్ను ఆకుపచ్చ కాంతిలోనే బాగా పసిగడుతుంది కాబట్టి ఆ రంగుకు రెండు గడులు దక్కాయి. ఒక్కో గడిలో లేని రెండు రంగులను ఫోన్ పక్క గడులను చూసి అంచనా కడుతుంది.

చివరికి ప్రతి చుక్కకు మూడు అంకెలు వస్తాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. బంతిపువ్వు రేకు మీది ఒక చుక్క 255, 140, 0 కావచ్చు. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు, మూడు కోట్ల అరవై లక్షల అంకెలు, అంటే సుమారు 36 మెగాబైట్లు. సెకనుకు 56 కిలోబిట్లు మోసే పాత డయల్-అప్ లైను మీద ఆ ఒక్క ఫొటోను పంపడానికి దాదాపు గంటన్నర పట్టేది. అదే ఫొటో ఇప్పుడు ఫోన్‌లో మూడు నాలుగు మెగాబైట్లలో ఒదిగిపోతుంది. మిగతా అంకెలు ఏమైపోయాయన్న ప్రశ్నకు జవాబే డీసీటీ కథ.

ముగ్గురు మనుషులు, నాలుగు పేజీలు

నాసిర్ అహ్మద్ 1940లో బెంగళూరులో పుట్టారు. అక్కడే ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళారు. 1966లో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అదే విశ్వవిద్యాలయం నుంచి అదే ఏడాది పీహెచ్‌డీ అందుకున్న మరో భారతీయుడు కామిశెట్టి రామమోహనరావు. పేరు వినగానే తెలుగువారి చెవికి ఇంటి మనిషిలా తోచే ఈయన మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకున్నారు. తర్వాత ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరి, దశాబ్దాల తరబడి అక్కడే పాఠాలు చెప్పారు.

1972లో అహ్మద్ కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. బొమ్మను తక్కువ అంకెల్లో చెప్పడానికి కొసైన్ తరంగాలను వాడవచ్చని ఆయనకు తట్టింది. పరిశోధనకు డబ్బు ఇమ్మని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టారు. వాళ్ళు ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని పరిశీలకుల్లో ఒకరు అభిప్రాయపడినట్టు అహ్మద్ 1991లో రాసిన ఒక వ్యాసంలో గుర్తుచేసుకున్నారు. 1973 వేసవిలో ఆయనకు విశ్వవిద్యాలయం నుంచి జీతం రాలేదు. అయినా మనసు చెప్పిన దారినే నడిచి, వేసవంతా అదే పని మీద కూర్చున్నారు. తన దగ్గర పరిశోధన చేస్తున్న టి. నటరాజన్ ఆయనకు తోడుగా ఉన్నారు.

1974 జనవరిలో ఆ పని ఐట్రిపుల్ఈ వారి కంప్యూటర్ల పత్రికలో నాలుగు పేజీల వ్యాసంగా అచ్చయింది. రచయితలు అహ్మద్, నటరాజన్, రావు. ఆ ముగ్గురి పేర్లూ ఇవాళ ప్రపంచంలోని ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. రావు అంతటితో ఆగలేదు. పి. యిప్‌తో కలిసి 1990లో డీసీటీ మీద ఒక పూర్తి గ్రంథమే తెచ్చారు. ఒక తరం ఇంజనీర్లు ఆ లెక్కను నేర్చుకున్న పుస్తకాల్లో అది ముఖ్యమైనది. ఆయన 2021లో కన్నుమూశారు. ఆ ఏడాదే అహ్మద్ దంపతుల కథ ‘దిస్ ఈజ్ అస్’ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లో ఒక భాగంగా వచ్చి లక్షల ఇళ్ళకు చేరింది.

ఎనిమిది అంకెలు రెండైన వైనం

ఆ సులువైన ఆలోచన ఏమిటో పెన్సిల్ పట్టుకుని చూద్దాం. పువ్వు అంచున వెలుగు మెల్లగా తగ్గుతున్న చోట వరసగా ఎనిమిది చుక్కలు తీసుకోండి. వాటి వెలుతురు అంకెలు ఇవి అనుకుందాం: 149, 142, 128, 110, 90, 72, 58, 51.

ఇప్పుడు పదో తరగతి పుస్తకంలోని కొసైన్‌ను గుర్తుచేసుకోండి. 11.25 డిగ్రీలతో మొదలుపెట్టి 22.5 డిగ్రీల చొప్పున పెంచుతూ ఎనిమిది కోణాలకు కొసైన్ విలువలు రాయండి: 0.981, 0.831, 0.556, 0.195, ఆ తర్వాత అవే విలువలు మైనస్ గుర్తుతో వెనక్కి. ఒక్కోదాన్ని 50తో గుణించి 100 కలపండి. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే మన ఎనిమిది అంకెలూ అలాగే తిరిగి వస్తాయి. అంటే ఆ వరసను పంపడానికి ఎనిమిది అంకెలు అక్కర్లేదు, 100, 50 అనే రెండు చాలు. మొదటిది సగటు వెలుతురు. రెండోది ఆ కొసైన్ తరంగం పాలు.

నిజం బొమ్మలు ఇంత శుభ్రంగా కుదరవు. అందుకే డీసీటీ ఒక్క తరంగంతో సరిపెట్టుకోదు. బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్ళుగా విడగొడుతుంది. ఒక్కో గడికి 64 నమూనాలు. మొదటిది ఏ మార్పూ లేని సమతలం. తర్వాతవి అడ్డంగా, నిలువుగా క్రమంగా సన్నబడే చారలు, గళ్ళు. ప్రతి గడినీ ఈ 64 నమూనాల మిశ్రమంగా రాయవచ్చు. ఆనందపురంలో కట్టిన దండను హైదరాబాదుకు పంపే బదులు, బంతి ఇన్ని, మల్లె ఇన్ని, మరువం ఇంత అని ఫోన్‌లో చెప్పి అక్కడే కట్టించుకోవడం లాంటిది ఈ పని. పూలు ప్రయాణం చేయవు, పాళ్ళు చేస్తాయి.

తరంగాల భాషలో బొమ్మను చెప్పవచ్చని అంతకుముందే తెలుసు. దానికి ఫూరియే పద్ధతి ఉండేది. కానీ అది ప్రతి గడి కుడి అంచును ఎడమ అంచుకు అతికించినట్టు లెక్కవేస్తుంది. ఒక అంచు వెలుగులో, రెండోది నీడలో ఉంటే అతుకు దగ్గర లేని మెట్టు పుడుతుంది, దాన్ని చెప్పడానికి అనవసరమైన అంకెలు ఖర్చవుతాయి. డీసీటీ గడిని దాని ప్రతిబింబం పక్కన పెట్టినట్టు లెక్కిస్తుంది కాబట్టి అతుకు దగ్గర మెట్టు రాదు. సిద్ధాంతపరంగా అన్నిటికన్నా మేలైన పద్ధతి మరొకటి ఉంది గానీ, దాని నమూనాలను ప్రతి బొమ్మకూ కొత్తగా కట్టుకోవాలి. దాదాపు అంత మంచి ఫలితాన్ని డీసీటీ మారని నమూనాలతోనే ఇస్తుందని ఆ నాలుగు పేజీలు చూపించాయి.

జేపెగ్ పుట్టుక

1986లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థల తరఫున ఫొటో నిపుణుల ఉమ్మడి బృందం ఒకటి ఏర్పడింది. ఇంగ్లిష్‌లో ఆ బృందం పేరులోని తొలి అక్షరాలే జేపెగ్. వచ్చిన ప్రతిపాదనలను పోల్చి చూసి, వాళ్ళు డీసీటీని ఎంచుకున్నారు. ప్రమాణం 1992లో వెలువడింది.

జేపెగ్ ముందుగా వెలుతురును రంగు నుంచి వేరుచేస్తుంది. వెలుతురు కట్టే సూత్రం ఇది: ఎరుపులో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587 వంతు, నీలంలో 0.114 వంతు కలపాలి. మన బంతి చుక్క 255, 140, 0కు ఇది 158 అవుతుంది. తెల్లని మల్లెకు 255. ముదురు ఆకు 40, 110, 40 అయితే 81. యాప్‌లో నలుపు-తెలుపు ఫిల్టర్ నొక్కినప్పుడు జరిగేది కూడా సాధారణంగా ఇలాంటి లెక్కే.

కన్ను వెలుతురు తేడాలను పట్టినంత నిశితంగా రంగు తేడాలను పట్టదు. కాబట్టి రంగు అంకెలను తరచుగా సగం పొడవు, సగం వెడల్పుకు కుదిస్తారు. తర్వాత డీసీటీ. ఆ పైన 64 పాళ్ళలో ఒక్కోదాన్ని నిర్ణీత సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. బాగా సన్నని చారల పాళ్ళు చాలావరకు సున్నాలవుతాయి. మాయమైన అంకెల్లో మిగతావి పోయేది ఇక్కడే. వరసగా వచ్చే సున్నాలను ఒక్క గుర్తుతో రాయవచ్చు, దాంతో ఫైలు చిక్కిపోతుంది. ఇదే కుటుంబపు లెక్క వీడియోలోకీ పాటలోకీ పాకింది. 1988 నాటి హెచ్.261 వీడియో ప్రమాణం డీసీటీ మీదే నిలిచింది. ఎంపీ3 పాట దాని సవరించిన రూపాన్ని వాడుకుంది.

ఫోన్‌లో ఆటపాటలు

ఫొటోషాప్ 1990లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో, స్నాప్‌సీడ్ 2011లో వచ్చాయి. 2016లో వచ్చిన ప్రిస్మా ఫొటోను చిత్రకారుల కుంచె పనిలా మార్చి చూపించింది. ఈ పనిముట్లన్నీ జేపెగ్‌ను విప్పి అంకెలుగా మార్చుకుంటాయి, ఆ అంకెలతో ఆడుకుంటాయి, దాచేటప్పుడు మళ్ళీ మడతపెడతాయి. ఆ మడత తెలిసినవాళ్ళు చేయగల మంచి పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది పూల మొజాయిక్. వందల చిన్న ఫొటోలు పేర్చి ఒక పెద్ద బొమ్మ చేయడం. పెద్ద బొమ్మలోని ప్రతి గడికీ సగటు రంగు కట్టి, దానికి దగ్గరగా ఉన్న చిన్న ఫొటోను వెతికి అక్కడ పెట్టాలి. డీసీటీ ఇచ్చే మొదటి పాలు సగటును చెప్పేదే కాబట్టి, మిగతా 63 పాళ్ళను లెక్కలోకి తీసుకోకుండానే సాఫ్ట్‌వేర్ ఫొటోకు ఎనిమిదో వంతు కొలతలో చిన్న రూపం తయారుచేయగలదు. మార్కెట్లో తీసిన బంతి, చామంతి, మల్లె, గులాబీ, ఆకు ఫొటోలతో భీమిలి తీరం కట్టవచ్చు. ఇసుకకు చామంతి, నురుగుకు మల్లె సరిపోతాయి. సముద్రపు నీలానికి మాత్రం శంఖుపూలు వెతుక్కోవాలి.

రెండోది స్టిక్కర్. పువ్వును వెనకటి దృశ్యం నుంచి వేరుచేయాలంటే ప్రతి చుక్కకు నాలుగో అంకె కావాలి: అది ఎంత పారదర్శకమో చెప్పేది. మామూలు జేపెగ్‌లో దానికి చోటు లేదు. కాబట్టి కత్తిరించిన పువ్వును పీఎన్‌జీగా గానీ వెబ్‌పీగా గానీ దాచాలి. జేపెగ్‌గా దాస్తే చుట్టూ సాధారణంగా తెల్లటి పెట్టె వస్తుంది.

మూడోది గ్లిచ్ కళ. ఫొటో ఫైలుకు ఒక నకలు తీసుకుని, దాని బైట్లు చూపించే ఎడిటర్‌లో తెరిచి, మధ్యలో ఒకటి రెండు మార్చండి. చాలాసార్లు ఆ చోటు నుంచి కిందకు బొమ్మ రంగు మారిపోతుంది, పట్టీలుగా జరిగిపోతుంది. జేపెగ్ ప్రతి గడి సగటునూ ముందు గడి సగటుతో తేడాగా రాస్తుంది, అందుకే ఒకచోట పడ్డ తప్పు తర్వాతి గడులన్నిటికీ సాగుతుంది. ఈ పాడైన రంగుల్లోనే అందం వెతికే కళాకారులు ప్రపంచమంతా ఉన్నారు.

నాలుగోది, ఫొటో అరిగిపోవడాన్ని చూపించే వరస. తక్కువ నాణ్యత పెట్టి ఒకే ఫొటోను మళ్ళీ మళ్ళీ దాచితే కొన్నిసార్ల తర్వాత నష్టం దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే అవే గళ్ళ మీద అదే భాగహారం జరుగుతుంది. ప్రతిసారీ పై అంచు నుంచో ఎడమ అంచు నుంచో ఒకటి రెండు చుక్కలు కత్తిరించి దాచితే గళ్ళు పక్కకు జరిగి, నష్టం మీద నష్టం పేరుకుంటుంది. రేకుల అంచుల్లో మరకలు లేస్తాయి, నునుపైన ఆకాశం చదరాలుగా విరుగుతుంది. ఆ ఫొటోలన్నీ ఒక వరసలో పేరిస్తే బడి సైన్సు ప్రదర్శనకు చక్కని బొమ్మ. ప్రింటు వేయించుకోవాల్సిన పెళ్ళి ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమని ఎందుకు అంటారో కూడా అప్పుడు అర్థమవుతుంది. అలా పంపితే ఫైలు మళ్ళీ కుదింపుకు గురికాదు.

సాక్ష్యం చెప్పే గళ్ళు

ఫొటో మార్చడం తేలికైన కొద్దీ అబద్ధమూ తేలికైంది. అక్కడ కూడా డీసీటీ మనకు అండగా నిలుస్తుంది. ఒక ఫొటోలోని మనిషిని కత్తిరించి మరో ఫొటోలో అతికిస్తే, అతికిన ముక్క పాత గళ్ళు కొత్త గళ్ళతో సరిగ్గా కలవకపోవచ్చు. రెండుసార్లు భాగహారం పడ్డ పాళ్ళలో కొన్ని విలువలు అసహజంగా ఎక్కువగా, కొన్ని తక్కువగా కనిపిస్తాయి. ఇలాంటి జాడలను బట్టి ఫొటోలోని కల్తీని పట్టే పద్ధతులను డిజిటల్ ఫోరెన్సిక్ పరిశోధకులు తయారుచేశారు. ప్రతి కల్తీ ఇలా దొరకదు గానీ, కంటికి కనబడని చోట లెక్క సాక్ష్యం చెప్పగలదన్నది ధైర్యాన్నిచ్చే సంగతి.

మన పిల్లలు ఫొటో యాప్‌లను వాడటంలో పెద్దలకన్నా చురుగ్గా ఉన్నారు. ఆ చురుకును బడిలో లెక్కల పీరియడ్ దాకా తీసుకురావాలి. త్రికోణమితి పాఠం మొదలైన రోజున నల్లబల్ల మీద ఆ ఎనిమిది అంకెలు రాసి, పిల్లల చేత రెండుగా మార్పించండి. వెంటనే వాళ్ళ ఫోన్‌లోని ఒక పువ్వు ఫొటోను తక్కువ నాణ్యత జేపెగ్‌గా దాయించి, బాగా పెద్దది చేయించి, ఎనిమిది చుక్కల గళ్ళను కళ్ళతో చూపించండి. మరీ సులువుగా ఉందని ఒకనాడు పక్కన పెట్టిన ఆలోచన నిజంగా ఎంత సులువో అప్పుడు తెలుస్తుంది. అంత సులువైనది కాబట్టే అది ప్రతి జేబులోని ఫోన్‌లోకీ చేరగలిగింది. తరగతిలో ఎవరికైనా తట్టిన చిన్న ఆలోచనను ఇంతేనా అని కొట్టిపారేయకుండా కాగితం మీద చివరిదాకా లెక్క కట్టి చూడమని చెప్పడానికి, రామమోహనరావు, అహ్మద్, నటరాజన్‌ల పేర్లు తలచుకోవడం కన్నా మంచి కారణం అక్కర్లేదు.