పిఠాపురము దావా: దత్తుడా, ఔరసుడా?

పిఠాపురమనగానే మన శ్రోతలలో పలువురకు పాదగయ క్షేత్రమును, కుక్కుటేశ్వరస్వామియు స్మరణకు వత్తురు. గ్రంథపరిచయము గలవారికి శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు జ్ఞప్తికి వచ్చును. న్యాయవాదులకు మాత్రము ఆ పేరు వినగానే రెండు తీర్పులు స్ఫురించును. ఒకటి 1899 నాటిది, రెండవది 1918 నాటిది. రెండును లండను నగరమందలి ప్రీవీ కౌన్సిలు చెప్పినవే. హిందూ ధర్మశాస్త్ర గ్రంథములలో వీనిని మొదటి పిఠాపురము కేసు, రెండవ పిఠాపురము కేసు అని నేటికిని వ్యవహరించుచున్నారు. నిఘంటువునకు పేరిచ్చిన ప్రభువే మొదటి దావాలో బాల ప్రతివాది యను సంగతి పెక్కుమందికి తెలియదు.

కథ యిట్టిది. రాజా గంగాధర రామారావుగారు సంతానము లేక 1873లో రామకృష్ణారావు అను బాలుని దత్తత చేసికొనిరి. పండ్రెండేండ్లు గడచినవి. 1885లో రాజావారికి కుమారుడు కలిగెనని ప్రకటింపబడెను. ఆ బాలుడే సూర్యారావు. సంస్థానము అతనికే చెందవలెనని వీలునామా వ్రాసి రాజావారు 1890లో గతించిరి. బాలుడు మైనరు గనుక సంస్థానపు పాలన కోర్టు ఆఫ్ వార్డ్సు చేతికి పోయెను. అప్పుడు దత్తపుత్రుడు దావా వేసెను. ఆయన వాదము రెండు విధములు: ఈ బాలుడు రాజావారి కుమారుడే కాడు; ఒకవేళ వీలునామా వ్రాసినను, వంశపారంపర్యముగ వచ్చిన సంస్థానమును దత్తపుత్రునకు కాకుండ చేయుటకు రాజావారికి అధికారము లేదు.

ఇంత పట్టుదల యెందులకని శ్రోతలు అడుగవచ్చును. సామాన్యమైన ఇంట దత్తత జరిగిన పిదప ఔరసుడు పుట్టినచో, దక్షిణదేశమున నాటి న్యాయము ప్రకారము దత్తునకు ఆస్తిలో అయిదవ వంతు వచ్చెడిది. తక్కువే కావచ్చును గాని, కొంత వచ్చెడిది. ఔరసత్వమును గూర్చి ఎవరికైన సందేహమున్నను, పెద్దమనుష్యులు కూర్చుండి నాలుగు యకరములు అటు, నాలుగు యకరములు ఇటు సర్ది రాజీ కుదుర్చుట కవకాశముండెడిది. పిఠాపురము అట్టిది కాదు. అది అవిభాజ్య సంస్థానము. పంచుటకు వీలు లేదు. ఒకడే పుచ్చుకొనవలెను. ఔరసుడైనచో సర్వము అతనిదే, కానిచో సర్వము దత్తునిదే. నడుమ మెట్టు లేదు. జమీందారీ కుటుంబములలో వారసుల పుట్టుకను గూర్చిన తగాదాలు అంత తీవ్రముగ నుండుటకు మనుష్యుల దురాశ యొక్కటే కారణమని మేము తలపము. ఆస్తి స్వరూపమే వారిని అటు త్రోసినది.

న్యాయస్థానములు చేసిన పని ఇంతకన్న విచిత్రము. బాలుడు రాజావారి కుమారుడగునా కాదా యను ప్రశ్నపై తీర్పు నిలువనే లేదు. దానిని తేల్చుట అనవసరమని ప్రక్కకు నెట్టిరి. ఎట్లన: ఉమ్మడి కుటుంబమున కుమారునకు పుట్టుకతోనే ఆస్తిలో హక్కు కలుగును గనుకనే తండ్రి దానిని వీలునామాతో ఇతరులకు ఇచ్చివేయజాలడు. ఆ జన్మసిద్ధమైన హక్కునకు గుర్తు, పంపకము కోరగలుగుట. పంపకమే లేని సంస్థానమున కుమారునకు పుట్టుకతో హక్కు ఎక్కడనుండి వచ్చును? రాదు. రానప్పుడు తండ్రి చేతిని పట్టుకొనువారు లేరు. అవిభాజ్య సంస్థానమును అనుభవించువాడు, వేరు ఆచారము నిరూపింపబడనిచో, దానిని దానము చేయవచ్చునని 1888లోనే ఉత్తరదేశపు దావా ఒకదానిలో ప్రీవీ కౌన్సిలు చెప్పి యుండెను. దానము చేయగలవాడు వీలునామాయు వ్రాయగలడని 1899లో పిఠాపురము విషయమున నిర్ణయించిరి. వీలునామాలో నిర్దేశింపబడిన వ్యక్తి ఫలానా యని తెలియుచున్నది. అతడు కుమారుడైనను కాకున్నను ఆస్తి అతనికే చెందును.

తర్కము గట్టిదే. కాని మా మనస్సునకు అది కొంత కఠినముగ తోచును. గెలిచిన బాలునకు సంస్థానము దక్కెను గాని, ఔరసుడవని చెప్పిన తీర్పు దక్కలేదు. ఓడిన దత్తునకు తన మాట నిజమో కాదో తేల్చుకొను అవకాశమే పోయెను. ఇద్దరకును ఏది ముఖ్యమో అది తేలకుండగనే దావా ముగిసెను.

ఇట్టి తీర్పులతో సంస్థానములు చేతులు మారి చెదరిపోవునను భయము కలుగగా, 1904లో మద్రాసు ప్రభుత్వము అవిభాజ్య సంస్థానముల చట్టము చేసి, జమీందారు తన జీవితకాలమునకు మించి అన్యాక్రాంతము చేయు అధికారమునకు హద్దులు పెట్టెను. అది పిఠాపురపు దత్తశాఖకు ఆలస్యముగ వచ్చిన మందు. ఆ దత్తపుత్రుని కుమారుడు సంస్థానము నుండి తనకు జీవనభృతి యైనను ఇప్పింపుడని కోరెను. పుట్టుకతో హక్కు లేనిచోట భృతియు హక్కుగ రాదనియు, ఆచారము ఉన్నచో నిరూపింపవలెననియు 1918లో త్రోసిపుచ్చిరి. ఒక వాక్యపు తర్కము రెండవ తరమువరకు ప్రాకినది.

జమీందారీలు 1948 చట్టముతో రద్దయినవి. సూర్యారావుగారు 1964లో గతించిరి. తగాదా మాత్రము నాలుగు యకరముల రైతు ఇంట ఇప్పటికిని కలదు గనుక, నేటి న్యాయమును గూడ చెప్పుదుము.

1956 నాటి దత్తత చట్టము తరువాత దత్తునకును ఔరసునకును వారసత్వమున భేదము లేదు. అయిదవ వంతు లెక్క పోయినది. కుమారుడు గలవాడు మరియొక కుమారుని దత్తత చేసికొనరాదు. దత్తత ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును సంతకములు చేసిన పత్రము రిజిష్టరు అయినచో, అది చట్టప్రకారము జరిగినదనియే కోర్టు మొదట భావించును, కాదనువాడు నిరూపించుకొనవలెను. చెల్లుబాటైన వివాహకాలమునగాని, వివాహము రద్దయిన 280 దినములలోపల తల్లి మరల వివాహము చేసికొనకుండగ గాని పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డయే యని 1872 సాక్ష్య చట్టము చెప్పెను. 2024 జూలై నుండి అమలులోనున్న క్రొత్త చట్టమును అదే చెప్పుచున్నది. దంపతులకు కలియు అవకాశమే లేకుండెనని చూపిననే తప్ప ఆ భావన వీగదు. ఇరుగుపొరుగువారి మాటలు చాలవు.

ఇక తండ్రి చేసికొన్న రెండవ వివాహము చెల్లనిదైనను, ఆ బిడ్డలు న్యాయసమ్మతమైన సంతానమే. వారికి తల్లిదండ్రుల ఆస్తిలో మాత్రమే హక్కు కలదు. అయితే ఉమ్మడి ఆస్తిలో తండ్రి వంతునకు వచ్చు భాగము గూడ ఆ లెక్కలో చేరునని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో తేల్చి చెప్పెను. అన్నదమ్ముల వంతులపై వారికి అధికారము లేదు. వీలునామా వ్రాయు తండ్రియు అట్లే తన స్వార్జితమును, ఉమ్మడిలో తన వంతును వ్రాయగలడు గాని, ఇతరుల వంతులను వ్రాయజాలడు. పంపకము గల చిన్న కమతములలో పిఠాపురపు తర్కమునకు చోటు లేదు. వీలునామాకు కనీసము ఇద్దరు సాక్షులు ఉండవలెను. పుచ్చుకొనువారిని పేరుతో, ఊరుతో స్పష్టముగ వ్రాయవలెను.