తెగే తీగ చెప్పే వింతలు

లండన్ నేషనల్ గ్యాలరీలో హాన్స్ హోల్బైన్ 1533లో గీసిన 'ది అంబాసిడర్స్' అనే పెద్ద చిత్రం ఉంది. దర్జాగా నిలబడ్డ ఇద్దరు దొరలు, వాళ్ల మధ్య రెండు అరల బల్ల. కింది అరలో, నిలువునా చీల్చిన బేరిపండులాంటి వాద్యం ఒకటి వెల్లకిలా పడి ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే దాని తీగల్లో ఒకటి పుటుక్కున తెగి, మెలితిరిగి పైకి లేచి కనిపిస్తుంది. ఆ వాద్యం పేరు లూట్. సుమారు మూడు వందల ఏళ్లు యూరప్ రాజాస్థానాల్లో దానిదే పెత్తనం. ఎక్కడలేని పేచీలూ దానివే. తీగ తెగుతుంది, శ్రుతి నిలవదు, నాదం నాలుగు గోడలు దాటదు. అయితే దాని గురించి చెప్పుకునే వింతలన్నీ ఈ పేచీల్లోంచి పుట్టినవే.

కిలో తూగని ఘనుడు

అరబ్బుల 'ఊద్' స్పెయిన్, సిసిలీల మీదుగా యూరప్ చేరి లూట్ అయింది. అరబ్బీలో 'అల్ ఊద్' అంటే కర్ర అని అర్థం. పేరుకు కర్రే గానీ పట్టుకుంటే దూదిపింజ. బొబ్బిలి వీణను పనస మొద్దును తొలిచి ఏకాండిగా చేస్తారు కదా, లూట్ తయారీ అందుకు పూర్తిగా తలకిందులు. సన్నని చెక్కబద్దలను వేడితో వంచి, పుచ్చకాయ చారల్లా పక్కపక్కన అతికించి కాయ కడతారు. పైన మూసే స్ప్రూస్ పలక మందం రెండు మిల్లీమీటర్ల లోపే. నడుమ కనిపించే జాలీ పువ్వును వేరే చేసి అతికించరు, ఆ పలకలోనే చెక్కుతారు. ఇంతా చేస్తే మామూలు లూట్ కిలో బరువు కూడా ఉండదు. మెట్లు వీణలోలా మైనంలో దిగేసినవి కావు, దండి చుట్టూ ముడివేసిన పేగు తంత్రులు. కావాలంటే ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు.

చచ్చేనాటికి పదకొండు వందలు

జర్మనీలోని ఫ్యూసెన్ అనే చిన్న ఊళ్లో 1562లో లూట్ తయారీదారులు సంఘం పెట్టుకున్నారు. యూరప్‌లో ఈ వృత్తికి అదే మొదటి సంఘం. ఊరు చిన్నది, పనివాళ్లు ఎక్కువ. అందుకే సంఘం పుట్టకముందు నుంచే చాలామంది ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీకి వలసపోయారు. అలా ఇటలీలో స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లలో పేరుమోసినవాడు బొలోన్యా నగరపు లౌక్స్ మాలర్. 1552లో ఆయన పోయాక ఆస్తి లెక్క రాస్తే, పూర్తయినవీ పూర్తి కావచ్చినవీ కలిపి 1,100 దాకా లూట్లు తేలాయి. ఈనాటి కర్మాగారం గోదాముకు తీసిపోని సరుకు. వాటిలో నేటికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

కళ్లులేని మనిషి కనిపెట్టిన లిపి

లూట్ స్వరలిపి ఏ స్వరం పలకాలో చెప్పదు. ఏ తీగ మీద ఏ మెట్టు దగ్గర వేలు పెట్టాలో చెబుతుంది. దాన్ని ట్యాబ్లేచర్ అంటారు. ఫ్రెంచివాళ్లు మెట్లకు అక్షరాలు వాడారు, ఇటలీవాళ్లు అంకెలు వాడారు. జర్మన్లది మాత్రం వేరే దారి. గీతలే లేకుండా, తీగా మెట్టూ కలిసే ఒక్కో చోటుకు ఒక్కో గుర్తు పెట్టారు. అయిదు తీగలు, అయిదు మెట్లు అంటే పాతిక చోట్లు. వాళ్ల అక్షరాలు చాలక ఇంకో రెండు చిహ్నాలు అరువు తెచ్చుకున్నారు. మన యాభై ఆరు అక్షరాలు చేతిలో ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. ఈ లిపిని కనిపెట్టింది పుట్టుగుడ్డి అయిన కోన్రాడ్ పౌమన్ అని 1511లో సెబాస్టియన్ వీర్డుంగ్ రాశాడు. చూపున్నవాళ్లను నేటికీ ముప్పుతిప్పలు పెట్టే లిపి అది.

అచ్చులో వచ్చిన మొట్టమొదటి లూట్ పుస్తకం మాత్రం వెనిస్‌ది. ఒట్టావియానో పెట్రూచి 1507లో ఫ్రాంచెస్కో స్పినాచినో రచనలను అచ్చేశాడు.

తీగ తెగుతుందని పుట్టిన ఆజానుబాహువు

ఈ కుటుంబంలో అందరికన్నా పొడుగరి థియోర్బో. ఇటలీలో దాన్ని కితారోనె అని కూడా అన్నారు. 16వ శతాబ్దం చివర ఫ్లోరెన్స్‌లో రూపు దిద్దుకుంది. పెద్దవి రెండు మీటర్ల పొడవుకు దగ్గరగా వస్తాయి. వాయించేవాడు కూర్చుంటే వాద్యం తల అతని తలకన్నా చాలా ఎత్తున ఊగుతుంటుంది. సాధారణంగా 14 తీగలు ఉంటాయి. వాటిలో ఆరేడింటినే వేళ్లతో నొక్కుతారు. మిగతా పొడవాటి మంద్ర తీగలను నొక్కే పని లేదు, ఒట్టిగా మీటితే చాలు.

పొడుగు ఎందుకంటే, తీగ పొడవు పెరిగేకొద్దీ మంద్ర నాదం నిండుగా పలుకుతుంది. గాయకుడి వెనుక వాయించడానికి ఫ్లోరెన్స్ వాళ్లకు కావలసింది అదే. అక్కడే చిక్కొచ్చిపడింది. పేగు తంత్రిని బిగిస్తూ పోతే ఒక శ్రుతి దగ్గర పుటుక్కుమంటుంది. ఆ శ్రుతి ఎక్కడన్నది తీగ పొడవును బట్టే ఉంటుంది. సన్నటి తీగ వేసినా, లావుది వేసినా ఒకటే. థియోర్బో అంత పొడుగు చేశాక పై రెండు తీగలను మామూలు లూట్ శ్రుతికి ఎక్కించడం కుదరని పని. అందుకని వాటిని ఏకంగా ఒక స్థాయి కిందికి దించేశారు.

దాంతో లోకంలో ఉన్న వరస తిరగబడింది. అన్నిటికన్నా పై స్వరం మొదటి తీగది కాకుండా మూడో తీగది అయింది. మొదట్లో వాయించేవాడి బుర్ర గిర్రున తిరుగుతుంది. అలవాటయ్యాక తెలుస్తుంది లాభం. పక్కపక్క స్వరాలు వేర్వేరు తీగల మీద దొరుకుతాయి కాబట్టి ఒకటి ఆగకముందే ఇంకొకటి మోగి, గుడిగంటలు కలిసినట్టు నాదం అల్లుకుంటుంది. కాప్స్‌బెర్గర్ అనే స్వరకర్త 1604లో వెనిస్‌లో అచ్చేయించిన కితారోనె పుస్తకం నిండా ఈ గంటలే.

తెర వెనుక వాద్యాలు

సంగీతం పూర్తిగా మిగిలిన ఒపెరాల్లో అన్నిటికన్నా పాతది యాకొపో పెరి 'యూరిదిచె'. 1600 అక్టోబరు 6న ఫ్లోరెన్స్‌లోని పిట్టి ప్రాసాదంలో, ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీకి మేరీ డి మెడిచితో జరిగిన పెళ్లి వేడుకల్లో ఆడారు. వాద్యబృందం తెర వెనుక కూర్చుంది. హార్ప్సికార్డ్, కితారోనె, పెద్ద లిరా, పెద్ద లూట్ వాయించిన నలుగురి పేర్లూ పెరి తన ముందుమాటలో రాసి మరీ పెట్టాడు. ఆనాటి ప్రేక్షకులకు కనిపించని మనుషులు నాలుగు వందల ఏళ్ల తర్వాత మనకు పేర్లతో సహా తెలుసు.

గెలీలియో ఇంటి సంగీతం

దూరదర్శినితో ఆకాశాన్ని శోధించిన గెలీలియోది లూట్ కుటుంబం. తండ్రి విన్చెంజో గెలీలి పేరున్న లూట్ విద్వాంసుడు. 1568లో 'ఫ్రోనిమో' అనే లూట్ గ్రంథం అచ్చేశాడు. తీగకు వేలాడదీసిన బరువు రెండింతలు చేస్తే స్వరం పై స్థాయికి పోతుందని పైథాగరస్ కాలం నుంచి పండితులు అప్పజెబుతూ వచ్చారు. విన్చెంజో తీగలకు నిజంగానే బరువులు కట్టి చూశాడు. రెండింతలు చాలలేదు, నాలుగింతలు కావలసి వచ్చింది. చదివినదాన్ని నమ్మకుండా చేసి చూసే గుణం ఆ ఇంట్లో తండ్రితోనే ఉందన్నమాట. గెలీలియో స్వయంగా లూట్ వాయించేవాడు. తమ్ముడు మికెలాన్యోలో మ్యూనిక్ ఆస్థానంలో లూట్ వాయిస్తూ బతికాడు, 1620లో తన పుస్తకం అచ్చేయించుకున్నాడు.

ఒకే పుస్తకం, నాలుగు వైపులా పాఠకులు

ఇంగ్లండ్ లూట్ కళాకారుల్లో పెద్దపేరు జాన్ డౌలండ్‌ది. 1594లో రాణిగారి కొలువు అడిగితే దొరకలేదు. 1597లో ఆయన వేయించిన తొలి పాటల పుస్తకం ఆయన బతికుండగానే పలుమార్లు పునర్ముద్రణ పొందింది. ఆ పుస్తకం తెరిస్తే నేటి పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. ఒక పేజీలో పాట, లూట్ లిపి మామూలుగా ఉంటాయి. పక్క పేజీలో ఒక గొంతు వరస అడ్డంగా, మరొకటి తలకిందులుగా ఉంటాయి. అది తప్పు కాదు, పొదుపు. పుస్తకాన్ని బల్ల మధ్యలో పరిస్తే చుట్టూ కూర్చున్న వాళ్లకు ఎవరి వరస వాళ్ల వైపు తిరిగి ఉంటుంది. ఒక్క ప్రతి కొంటే ఇంటిల్లిపాదీ పాడుకోవచ్చు.

ఇంట గెలవని డౌలండ్ రచ్చ గెలిచాడు. 1598లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ ఏడాదికి 500 డాలర్ (అక్కడి వెండి నాణెం) జీతంతో చేర్చుకున్నాడు. స్వదేశపు కొలువు దక్కింది 1612లో, యాభైకి చేరువయ్యాక. 2006లో రాక్ గాయకుడు స్టింగ్, ఎడిన్ కరమజోవ్ లూట్ తోడుగా డౌలండ్ పాటలతో ఆల్బమ్ చేసి ఆయన పేరును కొత్త తరం నోట పలికించాడు.

ఎనభై ఏళ్ల బతుకులో అరవై

13 వరసల బరోక్ లూట్‌కు 24 తీగలు ఉంటాయి, చాలా వరసల్లో తీగలు జంటగా ఉంటాయి కాబట్టి. అప్పట్లో వాడినవి పేగు తంత్రులు. కాస్త చెమ్మ తగిలినా, ఎండ పొడ సోకినా శ్రుతి జారిపోతుంది. జర్మన్ రచయిత యోహాన్ మాట్టెసన్ 1713లో దీన్ని తెగ ఎద్దేవా చేశాడు. ఎనభై ఏళ్ల లూట్ కళాకారుడు అరవై ఏళ్లు శ్రుతి చేయడంలోనే గడిపి ఉంటాడన్నాడు. ప్యారిస్‌లో ఒక గుర్రాన్ని పోషించే ఖర్చూ ఒక లూట్‌ను పోషించే ఖర్చూ సమానమేనని కూడా దెప్పాడు. లూట్ వాళ్లు ఊరుకోలేదు. ఎర్న్స్ట్ గాట్లీబ్ బారన్ 1727లో ఏకంగా ఓ గ్రంథమే రాసి జవాబిచ్చాడు.

పక్క మీద పడుకునే వాద్యం

కేంబ్రిడ్జ్ గాయకుడు థామస్ మేస్ 1676లో అచ్చేసిన 'మ్యూజిక్స్ మాన్యుమెంట్'లో లూట్‌ను పగటిపూట ఎక్కడ దాచాలో చెప్పాడు. రోజూ పడుకునే పక్క మీద, కంబళికీ దుప్పటికీ మధ్యన! చెమ్మ తగలదు, జిగురు ఊడదు, తీగలు నిలుస్తాయి అని ఆయన వాదం. అయితే ఆ పక్క మీద ఎవరూ ధబీమని పడకుండా చూసుకోమని హెచ్చరిక కూడా చేశాడు. అలా నుజ్జయిన మంచి లూట్లను ఆయన చూశాడట.

మేస్‌కు వయసుతో వినికిడి తగ్గింది. తన లూట్ తనకే వినపడకపోతే మరొకరైతే సన్యసించేవారు. ఆయన 1672లో రెండు లూట్లను ఒకే ఒంట్లో కలిపి, 50 తీగలతో 'డైఫోన్' అనే వాద్యం చేయించుకున్నాడు.

బొటనవేలి మీద దాడి

లూట్ కోసం అందరికన్నా ఎక్కువ రాసినవాడు డ్రెస్డెన్ ఆస్థాన విద్వాంసుడు సిల్వియస్ లియోపోల్డ్ వైస్. ఆయన రచనలు ఆరు వందల పైచిలుకు మిగిలాయి. 1722లో పెటీ అనే ఫ్రెంచ్ వయొలిన్ కళాకారుడు వైస్ కుడిచేతి బొటనవేలి కొసను కొరికేయబోయాడు. మంద్ర తీగలన్నీ మీటేది ఆ వేలే. అదృష్టం కొద్దీ వేలు కోలుకుంది. వైస్ 1739లో లైప్సిగ్ వెళ్లి స్వరకర్త బాఖ్‌ను కలిశాడు. ఇద్దరూ 1750లోనే కన్నుమూశారు.

నిద్ర లేచిన వాద్యం

పియానో మోత పెరిగాక లూట్ మూలపడింది. 1893లో ఆర్నల్డ్ డోల్మెచ్ అనే వాద్య నిర్మాత కొత్తగా ఒకటి చేసి పునర్జన్మకు నాంది పలికాడు. పాత సంగీతం నేర్పే స్కోలా కంటోరుమ్ బాసిలియెన్సిస్ 1933లో బాసెల్‌లో మొదలైంది. ఇంగ్లండ్‌లో లూట్ సొసైటీ 1956లో ఏర్పడింది. సుమారు 1590లో ఆగ్స్‌బర్గ్‌లో సిక్స్టస్ రౌవోల్ఫ్ చేసిన లూట్ ఒకటి స్వీడన్ కళాకారుడు యాకబ్ లిండ్‌బర్గ్ చేతిలో ఈనాటికీ కచేరీల్లో పలుకుతోంది.

గిటారుంటే చాలు

లూట్ కొనకుండానే దాని రుచి చూడవచ్చు. ఇంట్లో మామూలు గిటారు ఉంటే మూడో తీగను అర స్వరం దించండి, మూడో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించండి. పునరుజ్జీవన కాలపు లూట్ శ్రుతి వచ్చేస్తుంది. డౌలండ్ లిపి చూసి ఉన్నదున్నట్టు వాయించుకోవచ్చు. తర్వాత నిజం లూట్ చేతికొస్తే మాత్రం చాలామంది గురువులు ముందు గోళ్లు తీసుకోమంటారు. మీటాల్సింది వేలి కండతో. చిటికెన వేలు పలక మీద ఆనించాలి, ఒత్తకూడదు. రెండు తీగల జంటను ఒకే తీగలా పలికించడం కుదిరిన రోజు, మొదటి పాఠం వచ్చినట్టే.

బొమ్మలు కాపాడిన పుస్తకం

1515-20 ప్రాంతంలో వెనిస్‌లో విన్చెంజో కాపిరోలా అనే గురువు రచనలను విదాల్ అనే శిష్యుడు చేత్తో రాసుకున్నాడు. రాసినంతసేపూ అతనికి ఒకటే బెంగ. ఈ పుస్తకం రేపు సంగీతం తెలియనివాడి చేతిలో పడితే? ఆలోచించి, అంచుల నిండా రంగురంగుల జంతువులను, పక్షులను, చెట్లను చిత్రించాడు. పాట అర్థంకాని వాడైనా బొమ్మల అందం చూసి దాచుకుంటాడని తన ఉపాయాన్ని పుస్తకంలోనే రాసి పెట్టాడు.

ఆ ఉపాయం పారింది. అయిదు వందల ఏళ్లు దాటినా ఆ పుస్తకం చికాగోలోని న్యూబెర్రీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. తెగే తీగను నమ్మలేక విదాల్ కుందేళ్లను, పక్షులను నమ్ముకున్నాడు. అవే ఇన్నాళ్లూ పాటకు కాపలా కాశాయి.