‘నీకు కాళ్ళందవు’: తొలి బండి చుట్టూ అల్లుకున్న అపోహలు

షోరూమ్‌లో ఒకమ్మాయి బండెక్కి కూర్చుంటుంది. ఎత్తు ఐదడుగులు. మడమలు పైకి లేచి, మునివేళ్ళు మాత్రమే నేలకు ఆనుతాయి. అంతే, చుట్టూ ఉన్నవాళ్ళు తేల్చేస్తారు. “కాళ్ళందట్లేదు మేడమ్, స్కూటీ చూపించమంటారా?” అంటాడు సేల్స్ కుర్రాడు. “నేను ముందే చెప్పానా? దిగమ్మా” అంటాడు నాన్న. తాళం తిప్పకుండానే, బండి ఒక్క గజం కదలకుండానే నిర్ణయం అయిపోతుంది. ఐదడుగుల రెండంగుళాల అబ్బాయికీ ఇదే ఎదురవుతుంది. కాకపోతే అతనికి సలహాకు బదులు నవ్వు వినిపిస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కలో మన దేశంలో వయసొచ్చిన ఆడవాళ్ళ సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే సరిగ్గా ఐదడుగులు. ఊరూరా తిరిగే స్ప్లెండర్ సీటు నేల నుంచి 785 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఐదడుగుల మనిషి కాలి పొడవుకూ ఆ సీటు ఎత్తుకూ మధ్య నిజంగానే కొంత దూరం ఉంది. ఆ దూరం దాటరానిదన్న మాటలోనే పొరపాటుంది.

“రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి”

అన్నిటికంటే గట్టిగా పాతుకున్న నమ్మకం ఇది. ఆగిన బండిని నిలబెట్టడానికి నిజానికి ఒక్క కాలు చాలు. అలవాటైనవాళ్ళు సిగ్నల్ దగ్గర చేసేదీ అదే. ఎడమ కాలు కింద పెడతారు, కుడి కాలు వెనక బ్రేకు మీదే ఉంచుతారు. బండి ఆగే చివరి క్షణంలో నడుమును సీటు మీద రెండంగుళాలు ఎడమకు జరిపితే, అంతదాకా మునివేళ్ళకే తగిలిన నేల పాదానికి అందుతుంది. ఖాళీ మైదానంలో ఓ గంట సాధన చేస్తే పట్టుబడే పని ఇది. అలాగని పూర్తిగా కొత్తవాళ్ళ భయాన్ని తీసిపారేయకూడదు. తొలి నెల రెండు పాదాల ముందు భాగాలైనా ఆనుతుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. మడమలు కూడా ఆని తీరాలని పట్టుబట్టి బండిని కాదనుకోవడమే అనవసరం.

ఎక్కడ ఆగుతున్నామన్నది మాత్రం చాలా ముఖ్యం. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన నడిచే మనకు ఎడమ కాలి కింద నేల కాస్త పల్లంగానే దొరుకుతుంది. తారు అంచు దాటి మట్టిలో ఆగితే ఆ పల్లం ఇంకా పెరుగుతుంది. పొడవైనవాళ్ళు గమనించను కూడా గమనించని ఈ రెండు వేళ్ళ తేడా దగ్గరే పొట్టివాళ్ళ బండి ఒరుగుతుంది. కాలు ఎక్కడ పడబోతోందో ఆగడానికి నాలుగు గజాల ముందే చూసుకోవడం వీళ్ళు అందరికంటే ముందు నేర్చుకోవాల్సిన సంగతి. గుంత, ఇసుక, నీళ్ళు కనిపిస్తే ఓ అడుగు ముందో వెనకో ఆగాలి.

ప్రపంచస్థాయి రేసుల్లోకి చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. స్పెయిన్‌కు చెందిన డానీ పెడ్రోసా ఎత్తు దాదాపు 160 సెంటీమీటర్లు, బరువు యాభై కిలోల చుట్టూ. అలాంటి మనిషి 200 హార్స్‌పవర్ దాటిన యంత్రాల మీద మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. 2018లో సూపర్‌స్పోర్ట్ 300 విభాగంలో ప్రపంచ చాంపియన్ అయిన ఆనా కరాస్కో కూడా చిన్న మనిషే. బండి కదులుతున్నంతసేపూ వాళ్ళకు ఎత్తు అడ్డు కాలేదు. ఆగితే పట్టుకోవడానికి రేసు జట్టులో మెకానిక్‌లు ఉంటారు. మన బజారులో ఆ మెకానిక్‌లు ఉండరు. చిన్న శరీరమున్నవాళ్ళకు కష్టం పరిగెత్తే బండితో కాదు, ఆగిన బండితో, తోసే బండితో. తొలి బండిని ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఆ కాసేపటి సంగతే.

“బ్రోచర్‌లో సీటు ఎత్తు చూసుకుంటే చాలు”

చాలదు. బ్రోచర్‌లో వేసేది ఎవరూ కూర్చోని బండి ఎత్తు. మనిషి కూర్చోగానే షాక్ అబ్జార్బర్లు నొక్కుకుని సీటు సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. బరువు తక్కువున్నవాళ్ళకు కాస్త తక్కువే దిగుతుంది. మామూలు బండ్లలో వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగుకు మెట్లు ఉంటాయి. మెకానిక్ కొక్కెం పానాతో దాన్ని అన్నిటికంటే మెత్తని మెట్టుకు తిప్పితే తేలికైన మనిషికీ సీటు దిగుతుంది. రెండు నిమిషాల పని, ఖర్చూ ఉండదు. ఆశ్చర్యమేమిటంటే, షోరూమ్‌లో ఈ మాట తమంతట తాము చెప్పేవాళ్ళు అరుదు. వెనక ఎవరినైనా ఎక్కించుకునే రోజున మాత్రం దాన్ని మళ్ళీ గట్టి మెట్టుకు తిప్పుకోవాలి.

సీటు వెడల్పు అంతకన్నా పెద్ద సంగతి. వెడల్పాటి సీటు మీద కాళ్ళు ముందు పక్కలకు చాచుకుని, ఆ తర్వాతే కిందికి దిగుతాయి. ట్యాంకు దగ్గర సన్నగా ఉన్న సీటైతే తిన్నగా దిగుతాయి. అందుకే ఒకే ఎత్తు రాసి ఉన్న రెండు బండ్లలో ఒకటి అందుతుంది, ఇంకొకటి అందదు. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు 825 మిల్లీమీటర్లు. సన్నని సీటు, బాగా దిగే షాక్ అబ్జార్బర్లు ఉండటంతో ఎక్కి కూర్చుంటే అంకె చెప్పినంత ఎత్తు అనిపించదు. అయినా ఐదడుగుల వాళ్ళకు తొలి బండిగా అది ఎత్తే.

మనిషి ఎత్తు కంటే కాలి కొలత పనికొస్తుంది. చెప్పులు విడిచి గోడకు ఆని నిలబడి, ఓ లావుపాటి పుస్తకాన్ని తొడల మధ్య పైదాకా బిగించి, దాని పై అంచు నుంచి నేల వరకు టేపుతో కొలవాలి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఈ కొలత నాలుగైదు సెంటీమీటర్లు తేడా రావచ్చు. దానికి మందపాటి అట్ట ఉన్న బూట్లు మరో రెండు సెంటీమీటర్లు కలుపుతాయి. పల్చటి చెప్పులతో షోరూమ్‌కు వెళ్ళి ‘అందట్లేదు’ అని తిరిగొచ్చేవాళ్ళలో కొందరికి అడ్డుపడింది ఆ చెప్పులే.

“స్కూటీ తేలిక, గేరు బండి బరువు”

ఇందులో నిజమెంతో తూకం చెబుతుంది. యాక్టివా 6జీ బరువు 106 కిలోల చుట్టూ. స్ప్లెండర్ ప్లస్ 112. మార్కెట్లోకి వచ్చినప్పుడు హోండా షైన్ 100 బరువు 99 కిలోలు. అంటే గేర్లున్న ఈ బండే యాక్టివా కంటే తేలిక. యాక్టివా సీటు కాస్త కిందుగా, 764 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి కాళ్ళు అందుతాయి, అది కాదనలేని లాభం. దాని చక్రాలు మాత్రం ముందు 12 అంగుళాలు, వెనక 10. స్ప్లెండర్‌కు రెండూ 18. వాన తర్వాత గోతులు పడ్డ రోడ్డు మీద పెద్ద చక్రం గోతిని దాటుకుపోతుంది, చిన్నది అందులోకి దిగుతుంది. సామాను పెట్టుకోవాలంటే, చీరకట్టుతో నడపాలంటే స్కూటర్ హాయి. ‘బరువు ఆపలేవు’ అనే కారణంతో మాత్రం ఎవరినీ స్కూటర్ వైపు నెట్టక్కర్లేదు.

“బరువున్న బండే రోడ్డును అంటిపెట్టుకుంటుంది”

బుల్లెట్ చుట్టూ తిరిగే మాట ఇది. వేగంగా పోయే బండిని నిలకడగా ఉంచేది చక్రాల తిరుగుడు, ముందు ఫోర్కు వాలు, రెండు చక్రాల మధ్య దూరం, టైర్లు. బరువు ఎదురుగాలికి కాస్త సాయపడుతుందేమో గానీ, నడక వేగంలో అదే శత్రువు. బుల్లెట్ 350 బరువు 195 కిలోలు. యాభై కిలోల మనిషికి అది దాదాపు నాలుగింతలు. నిటారుగా ఉన్నంతసేపూ ఆ బరువు చక్రాలే మోస్తాయి. ఒరిగితే మనిషి మోయాలి, ఒరిగేకొద్దీ మోయడం కష్టమవుతుంది.

కొత్తవాళ్ళ బండి కింద పడే తీరు చూస్తే ఇది అర్థమవుతుంది. కాలనీలో యూ టర్న్ తీసుకుంటుంటారు. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉంటుంది. ఎదురుగా కుక్కో పిల్లాడో అడ్డొస్తే కంగారులో ముందు బ్రేకు ఒక్కసారిగా బిగిస్తారు. తిరిగి ఉన్న ముందు చక్రం ఆగిపోగానే బండి మొత్తం లోపలి పక్కకు కూలబడుతుంది. వేగం గంటకు ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. 112 కిలోల బండైతే కాలు గట్టిగా తన్నిపెట్టి ఆపే అవకాశం ఉంది. 195 కిలోలతో ఆ అవకాశం తక్కువ. నెమ్మదిగా తిరిగేటప్పుడు వెనక బ్రేకు, సగం పట్టిన క్లచ్ వాడటం మొదటి వారంలోనే నేర్చుకోవాలి.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ ఇంకొకటి ఉంది. సీటు కిందికుంటే తేలిగ్గా నడపొచ్చని అవెంజర్ లాంటి క్రూయిజర్లు చూపిస్తుంటారు. దాని సీటు 737 మిల్లీమీటర్లే. హాయిగా కాళ్ళందుతాయి, అందులో అనుమానం లేదు. కానీ దాని రెండు చక్రాల మధ్య దూరం 1,490 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌కు 1,236. ఇరుకు సందులో తిప్పాలంటే ఎక్కువ జాగా కావాలి. ఫుట్‌రెస్టులు ముందుకు ఉండటంతో పొట్టి కాళ్ళు చాచి పెట్టాల్సి వస్తుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఒక చెయ్యి అందకుండా పోతుంది. మీటియర్ 350 సీటు 765 మిల్లీమీటర్లే అయినా బరువు 191 కిలోలు. కాళ్ళందడం ఒకటి, బండి చెప్పినట్టు వినడం మరొకటి. తొలి బండికి 110 నుంచి 140 కిలోల మధ్య బరువు, 800 మిల్లీమీటర్ల లోపు సీటు సరైన చోటు. టీవీఎస్ రైడర్, హోండా షైన్ 125, యమహా ఎఫ్‌జడ్ లాంటివి అక్కడికే వస్తాయి.

పొట్టివాళ్ళు కిక్కు కొట్టలేరన్న మరో మాట కూడా పాతబడింది. ఇప్పుడొస్తున్న 350 సీసీ బుల్లెట్, క్లాసిక్‌లకు అసలు కిక్కే లేదు.

“కండబలం కావాలి”

డబుల్ స్టాండు వేయడం చూస్తే చాలు. తెలియనివాళ్ళు రెండు చేతులతో బండిని వెనక్కి లాగి ఎత్తబోతారు, నడుం పట్టేస్తుంది. తెలిసినవాళ్ళు ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో వెనక కడ్డీ పట్టుకుంటారు. కుడి పాదంతో స్టాండును కిందికి నొక్కి, దాని రెండు కాళ్ళూ నేలకు సమంగా ఆనాయో లేదో చూసుకుంటారు. ‘టక్’మని రెండూ తగిలాక ఒంటి బరువంతా ఆ పాదం మీద వేసి మెట్టెక్కినట్టు నిలబడతారు. బండి తనంతట తానే వెనక్కి లేస్తుంది. అక్కడ పని చేసేది చేతులు కాదు, మీట సూత్రం.

పడిపోయిన బండిని లేపడమూ అంతే. ముందు ఇంజను ఆపాలి. కుడి పక్కకు పడి ఉంటే సైడ్ స్టాండు ముందే దించి పెట్టుకోవాలి. తర్వాత బండికి వీపు పెట్టి, సీటుకు ఆని గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్ళతో నేలను తన్నుతూ చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. తొడల బలం చేతుల బలం కంటే చాలా ఎక్కువ. 2018లో జయభారతి నాయకత్వంలో హైదరాబాద్ నుంచి బయల్దేరిన నలుగురు మహిళలు ఆరు దేశాల మీదుగా దాదాపు 17,000 కిలోమీటర్లు బండ్ల మీద తిరిగొచ్చారు. అంతటి దారిని దాటించేది కండబలం కాదు, ఓపిక, మెలకువ. ఆ తర్వాత జయభారతి హైదరాబాద్‌లో మహిళలకు బండి నడపడం నేర్పించే పనికి పూనుకున్నారు.

బలం నిజంగా అడిగేది క్లచ్. చిన్న చేతులకు లివర్ దూరమైతే వేళ్ళ కొసలతో లాగాల్సి వస్తుంది, అరగంట ట్రాఫిక్‌లో మణికట్టు మొద్దుబారుతుంది. క్లచ్ తీగకు నూనె పట్టిస్తే చాలా తేడా వస్తుంది. లివర్ దూరం సర్దుకునే వీలు ఉందో లేదో కొనేముందే అడగాలి.

“కొన్నాక దించేసుకోవచ్చు”

సీటు వరకైతే సరే. సీట్లు కుట్టే మంచి పనివాడు నురుగు చెక్కి, ముందు భాగం సన్నం చేసి, అంగుళం దాకా తగ్గించగలడు. పాత సీటు దాచుకుంటే మళ్ళీ బిగించుకోవచ్చు. షాక్ అబ్జార్బర్లు మార్చి బండినే దించేయడం వేరే సంగతి. అడుగుభాగం స్పీడ్ బ్రేకర్లకు రాసుకుంటుంది. సైడ్ స్టాండు పొడవెక్కువై బండి నిటారుగా నిలబడి, చిన్న తోపుకే అటు పక్కకు పడుతుంది. వెనక మాత్రమే దించితే ముందు ఫోర్కు వాలు మారి హ్యాండిల్ తీరే మారిపోతుంది. పైగా కంపెనీ చేసినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. వారంటీకీ, బీమా క్లెయిముకూ అది చిక్కే.

అదే చట్టంలో నడిపేవాళ్ళ ఎత్తుకు కనీస హద్దేమీ లేదు. గేరు బండికి పద్దెనిమిదేళ్ళు నిండాలి, అంతే. గేరు లేని బండికి తీసుకున్న లైసెన్స్ గేరు బండికి చెల్లదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. స్కూటర్ మీద నేర్చుకుని బైక్‌కు మారేవాళ్ళు ఎల్లెల్లార్ (లెర్నర్ లైసెన్స్) తీసుకుని ఆ తరగతిని కలిపించుకోవాలి. ఆర్టీవో మైదానంలో పెట్టే పరీక్ష ఏమిటి? ఎనిమిది ఆకారంలో గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా బండి తిప్పడం.

షోరూమ్‌లో అరగంట గట్టిగా అడిగి తీసుకోవాలి. నిత్యం వేసుకునే బూట్లతోనే వెళ్ళాలి. ముందు బండి ఎక్కకుండా, పక్కన నిలబడి పది గజాలు ముందుకూ వెనక్కీ తోసి చూడాలి. స్టాండు వేసి తీయాలి. ఎక్కి కూర్చుని హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పాలి, క్లచ్ ఇరవైసార్లు పట్టి వదలాలి. ఆ తర్వాతే ఇంజను స్టార్ట్ చేయాలి. షోరూమ్ బండి ట్యాంకు దాదాపు ఖాళీగా ఉంటుంది. 13 లీటర్ల ట్యాంకు నిండితే ఇంకో పది కిలోల దాకా బరువు, అదీ పైభాగాన, వచ్చి చేరుతుంది.