ముందు ఫీజు, తర్వాత ర్యాంపు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫీజు కట్టనిదే భవిష్యత్తు మొదలవదు. గ్రూప్స్‌కైనా, బ్యాంకు పరీక్షకైనా, సాఫ్ట్‌వేర్ కోర్సుకైనా ముందు కౌంటర్లో డబ్బు, తర్వాత క్లాసు, కలిసొస్తే ఉద్యోగం. ఆ అలవాటు మీదే ఇప్పుడు ఇంకో వ్యాపారం నడుస్తోంది. బాలాపూర్, మీర్‌పేట, బడంగ్‌పేట డిగ్రీ పిల్లల ఫోన్లలోకి 'మోడల్ హంట్', 'ముంబయి ఏజెంట్లు వస్తున్నారు' అంటూ ప్రకటనలు వచ్చిపడుతుంటాయి. రిజిస్ట్రేషన్‌కి కొంత, గ్రూమింగ్‌కి కొంత, పోర్ట్‌ఫోలియోకి ఇంకొంత. కోచింగ్ ఫీజులు కట్టి పెరిగినవాళ్లకి ఇందులో అనుమానించాల్సిందేమీ కనిపించదు.

కానీ మోడలింగ్‌లో డబ్బు ఎదురుదిశలో నడుస్తుంది. ఏజెన్సీ పని తెస్తుంది, క్లయింటు చెల్లిస్తాడు, ఏజెన్సీ అందులో 20 శాతమో, కాస్త అటూఇటుగానో కమీషన్ పట్టుకుని మిగతాది మోడల్ చేతిలో పెడుతుంది. మీకు పని దొరికితేనే దానికి ఆదాయం. ముందే వసూలు చేసుకున్నవాడికి మీకు పని దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే.

అమెరికాలో ఈ ముందస్తు వసూళ్ల వ్యాపారాన్ని పెద్ద ఎత్తున చేస్తారు. ఐఎమ్‌టీఏ లాంటి మోడలింగ్ కన్వెన్షన్లకి వేల డాలర్లు కట్టి వచ్చిన పిల్లలు హోటల్ హాళ్లలో ఏజెంట్ల ముందు వరసగా నడుస్తారు. నటి కేటీ హోమ్స్ 1996లో అక్కడే కంటబడింది. ఆ ఒక్క పేరు చూసి ఎంతమంది తల్లిదండ్రులు చెక్కులు రాశారో! అవకాశాలిప్పిస్తామని ముందే డబ్బు తీసుకోవడం కుదరదంటూ కాలిఫోర్నియా 2009లో ఏకంగా చట్టమే చేసింది.

ఫీజులే కాదు, బిరుదుల బేరమూ ఉంది. బాలాపూర్ వాళ్లకి వేలం గురించి ఒకరు చెప్పాలా? 1994లో 450 రూపాయలకి పోయిన వినాయకుడి లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. ఎవరు ఎంత పాడారో ఊరంతా వింటుంది, డబ్బు ఊరి పనులకి వెళ్తుంది. 'మిస్టర్', 'మిస్' బిరుదులిచ్చే కొన్ని పోటీల్లోనూ జరిగేది పాటే. మైకులో చెప్పరు, అంతే.

మరి పైకి వచ్చినవాళ్లు ఎలా వచ్చారు? హైదరాబాద్ అమ్మాయి భవిత మండవ ఇక్కడ ఆర్కిటెక్చర్ చదివి, పై చదువుకి న్యూయార్క్ వెళ్లింది. 2024లో సబ్‌వే ప్లాట్‌ఫామ్ మీద ఒక స్కౌట్ కంట్లో పడింది. ఆ ఏడాదే బొటెగా వెనెటా షోలో నడిచింది. 2025 డిసెంబరులో న్యూయార్క్‌లోని బోవరీ సబ్‌వే స్టేషన్లో జరిగిన చానెల్ షోని ప్రారంభించింది ఆమే. ఆ ఘనత దక్కిన తొలి భారతీయ మోడల్. కూతుర్ని చూసి అమ్మానాన్నలు ఉప్పొంగిపోయిన వీడియో మనందరి ఫోన్లలోనూ తిరిగింది. అలాగని ఎల్బీనగర్ మెట్రో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఎదురుచూడమని కాదు. అదృష్టాన్ని సలహాగా ఇవ్వలేం. మానస వారణాసి దారి కాస్త అందుబాటులో ఉంటుంది. వాసవి ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఉద్యోగంలో ఉండి, 2020 ఫెమినా మిస్ ఇండియా కిరీటం గెలిచింది. నెలజీతం ఉన్నవాళ్లకి నచ్చని పనిని 'వద్దు' అనే ధైర్యం ఉంటుంది. ఈ రంగంలో అందానికంటే అది ఎక్కువ రోజులు పనికొస్తుందని నా నమ్మకం.

హైదరాబాద్‌లో మోడళ్లకి అన్నం పెట్టేది ర్యాంపు కంటే నగలూ పట్టుచీరలే. ఆ ప్రకటనలకి ముఖాలు వెతికేది చాలాసార్లు ఏజెన్సీ కూడా కాదు, కోఆర్డినేటర్. ఆ కోఆర్డినేటర్‌కి మీ పేరు చెప్పేది ఏ మేకప్ ఆర్టిస్టో, ఫోటోగ్రాఫర్ దగ్గరి అసిస్టెంటో. అందుకే ఎవరూ ఎవరికీ డబ్బివ్వని 'కొలాబ్' షూట్లో ఒక పూట పనిచేస్తే, ఫీజు కట్టి వెళ్లిన హాల్లో మూడు రోజులు నిలబడిన దానికంటే ఎక్కువ పరిచయాలవుతాయి. హైటెక్స్‌లో నగల ఎగ్జిబిషన్‌కో, ఫ్యాషన్ షోకో వెళ్లినప్పుడు ఏజెంటు కనిపిస్తే మీకు దొరికేది రెండు నిమిషాలు. కష్టాలు చెప్పుకోవడానికి అది చాలదు, ఫోన్లో డిజిటల్స్ చూపించడానికి చాలు. డిజిటల్స్ అంటే పగటి వెలుగులో, ఖాళీ గోడ ముందు, మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టి తీసిన ఫోటోలు: ఎదురుగా, పక్కనుంచి, నిలువెత్తున. ఫిల్టర్ పెట్టారంటే అయిపోయినట్టే. ఎత్తు ఉన్నదున్నట్టు చెప్పాలి, ఆడిషన్లో ఎలాగూ టేపు పెట్టి కొలుస్తారు. పెద్ద ఫ్యాషన్ వీక్‌లలో అమ్మాయిలకి 5 అడుగుల 8 అంగుళాలైనా ఉండాలంటారు, ప్రకటనలకి అంత పట్టింపు లేదు. తర్వాత మీరూ అడగాలి. ఇప్పుడు మీ దగ్గర ఎవరెవరున్నారు? ఈమధ్య ఎవరికి ఏ పని ఇప్పించారు? ఈ ప్రశ్నలకి విసుక్కునేవాళ్ల కార్డు దాచుకోనక్కర్లేదు. మర్నాడు ఒక్క ఫోటోతో, ఎక్కడ కలిశారో గుర్తుచేస్తూ ఒక్క మెసేజ్ పెట్టండి. రోజూ గుడ్ మార్నింగులు వద్దు.

పరిచయాల పేరుతో ఎంతదూరం వెళ్లాలన్నదీ ముందే తేల్చుకోవాలి. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు ఇక్కడే జరిగాయి. స్పాన్సర్లను అలరించమన్నారంటూ మిస్ ఇంగ్లండ్ మిల్లా మాగీ మధ్యలోనే వెళ్లిపోయింది. నిర్వాహకులు ఆ ఆరోపణలను ఖండించారు. నిజానిజాలెలా ఉన్నా, లేచి వెళ్లిపోవచ్చన్న సంగతి మన పిల్లలకి తెలియాలి. రాత్రి డిన్నర్‌కి రమ్మంటే పగలు ఆఫీసులో కలుస్తాననొచ్చు. అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్లడం నామోషీ కాదు.

ఒప్పంద పత్రం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానంటే ఇవ్వని చోట సంతకం పెట్టకండి. ఎన్నేళ్లు, ఎంత కమీషన్, వేరేచోట పని చేయొచ్చా లేదా, డబ్బు ఎన్నాళ్లకి వస్తుంది అన్నవి చూడాలి. ప్రకటనల డబ్బు రెండు మూడు నెలలు ఆలస్యమవడం మామూలే. ఇక బాలాపూర్ నుంచి పోయే వాళ్లకి ఇంకో లెక్కుంది. పని ఎక్కువగా మాదాపూర్, జూబ్లీహిల్స్ వైపు. కాల్‌టైమ్ ఉదయం ఆరింటికి పడుతుంది, ఎల్బీనగర్‌లో మొదటి మెట్రో బయల్దేరేదే ఆరింటికి. క్యాబ్ డబ్బు ఎవరిస్తారో ముందురోజే అడగండి. అడిగితే పని పోతుందేమోనని చాలామంది నోరు మెదపరు. సరైన ప్రొడక్షన్ అయితే బడ్జెట్‌లో కన్వేయన్స్ అని ఒక పద్దు ఉంటుంది. అడిగినవాళ్లకే అందులోంచి ఇస్తారు.